స్నేహితురాలి కుక్క టీవీ పగలగొడితే డబ్బు ఎవరు కట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. ఫ్రెండ్ పది రోజులు ఊరెళ్తూ కుక్కను చూసుకోమంది. మీరు వాళ్ళ ఫ్లాట్‌లోనే ఉండి, డబ్బేమీ తీసుకోకుండా చూసుకున్నారు. మూడో రోజు మీరు బాల్కనీలో ఫోన్ మాట్లాడుతుంటే అది టీవీ వైరు పట్టి లాగింది, నాలుగేళ్ళ నాటి 55 అంగుళాల టీవీ కింద పడి పగిలింది. ఆవిడ తిరిగొచ్చాక చూపించారు. కొత్తది 46 వేలు, అందులో సగం ఇమ్మంటోంది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ముందు నా సంగతి చెప్తాను. ఈ విషయంలో మీకంటే పెద్ద తప్పే చేశాను నేను.

రెండేళ్ళ కిందట సంక్రాంతికి మా ఫ్రెండ్ వాళ్ళు పది రోజులు రాజమండ్రి వెళ్ళారు. నిజాంపేటలో మా వెనక వీధిలోనే వాళ్ళ అపార్ట్‌మెంటు. వాళ్ళకో నల్ల పిల్లి ఉంది, పేరు కాటుక. నేను రెండు పూటలా వెళ్ళి తిండి పెట్టి, నీళ్ళు మార్చి, లిట్టర్ డబ్బా శుభ్రం చేసి రావాలి. పండక్కి హైదరాబాదు సగం ఖాళీ అవుతుంది కదా, వాళ్ళ వాచ్‌మన్ కూడా ఊరెళ్ళిపోయాడు. మోటరు వేసే దిక్కు లేక పైన ట్యాంకు అడుగంటింది. భోగి నాటి సాయంత్రం పిల్లి గిన్నె కడుగుదామని సింకు కుళాయి తిప్పితే సుయ్‌మని గాలి వచ్చింది తప్ప చుక్క నీరు రాలేదు. మా ఇంట్లో కడిగి తెద్దాంలే అని గిన్నె పట్టుకుని, తాళం వేసి వచ్చేశాను. కుళాయి కట్టలేదు. సింకు జాలీలో తిండి ముక్కలు అడ్డం పడి ఉన్న సంగతీ చూసుకోలేదు.

రాత్రి ఎవరో మోటరు వేశారు. పదింటికి అసోసియేషన్ సెక్రటరీ గారి ఫోన్. "మేడమ్, కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ కారుతోంది, ఒకసారి వచ్చి తలుపు తీస్తారా?"

వెళ్ళి చూస్తే వంటింట్లో పాదం మునిగేంత నీళ్ళు, హాలు దాకా వచ్చేశాయి. హాల్లో వాళ్ళు ముచ్చటపడి వేయించుకున్న లామినేట్ ఫ్లోరింగ్ ఉంది. చూడ్డానికి చెక్కలా ఉంటుంది గానీ లోపలంతా చెక్క పొట్టును గట్టిగా నొక్కి చేసిందే. అతుకుల్లోంచి నీరు దిగితే ఉబ్బిపోతుంది. తెల్లారేసరికి పలకల అంచులు అప్పడాల్లా లేచాయి. కాటుక ఫ్రిజ్ ఎక్కి కూర్చుని అంతా చూస్తోంది.

పాత దుప్పట్లతో తుడుస్తూ ఆ రాత్రి నేనేం ఆలోచించానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. పైపు లీకైందని చెప్తే సరిపోదా అనుకున్నాను. కుళాయి కట్టేశాను, చూసినవాళ్ళెవరూ లేరు. ఫోన్లో ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను. అప్పుడు తట్టింది, ఆవిడ వచ్చాక ప్లంబర్‌ని పిలుస్తుంది, అతను లీకు ఎక్కడా లేదంటాడు, అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నన్ను కాపాడింది నా నిజాయితీ కాదండీ, ఆ రాని ప్లంబరు. పదకొండున్నరకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "కింద ఆవిడ ఏమంది?" వాళ్ళిద్దరికీ పార్కింగ్ దగ్గర పాత గొడవ ఉందిలెండి.

డెబ్బై చదరపు అడుగుల మేర ఫ్లోరింగ్ మార్పించడానికి 10,500, కింద వాళ్ళ సీలింగ్‌కి పుట్టీ, పెయింట్ కలిపి 4,000. మొత్తం నేనే కట్టాను. సగం పెట్టుకుంటానని ఆవిడ అన్నా నేను ఒప్పుకోలేదు. "ఊరికే చేసిపెట్టిన పనికి ఎదురు డబ్బులా?" అని మా ఆయన రెండ్రోజులు సణిగారు. కానీ కుళాయి తిప్పింది నా చెయ్యి. పిల్లిని చూసుకోవడానికి వెళ్ళాను నిజమే, అందులో పిల్లి ప్రమేయం మాత్రం ఏమీ లేదు.

అదే పది రోజుల్లో కాటుక బాల్కనీ తలుపుకున్న దోమల జాలీని నా కళ్ళ ముందే గోళ్ళతో నిలువునా చీల్చేసింది. దానికి నేను పైసా ఇవ్వలేదు. అంతకుముందు కూడా రెండుసార్లు చీల్చిందట, నాకు చెప్పడం మర్చిపోయానని ఆవిడే అంది. మధ్యలో తిండి మానేస్తే వెటర్నరీ డాక్టరుకి చూపించాను, 1,200 అయింది. అది ఆవిడ నాకు తిరిగిచ్చింది.

మా మరిది లాయరు. ఇదంతా విని, మీరు పంచుకున్నట్టే చట్టంలోనూ ఉందని నవ్వాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో బెయిల్‌మెంట్ అని ఒక అధ్యాయం ఉంది. ఒకరి వస్తువును ఇంకొకరు కొన్నాళ్ళు తమ దగ్గర ఉంచుకుని తిరిగి అప్పగించడం గురించి. పెంపుడు జంతువు కూడా చట్టం లెక్కలో సొత్తే. మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలని 151వ సెక్షన్ అంటుంది. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, చూసుకున్నవాళ్ళది బాధ్యత కాదని 152. డబ్బు తీసుకోకుండా చూసుకుంటే, అవసరమైన ఖర్చులు యజమాని తిరిగివ్వాలని 158.

నాకు బాగా నచ్చింది 150వ సెక్షన్. ఇచ్చే వస్తువులో తనకు తెలిసిన లోపం ఉంటే ఇచ్చేవాడు ముందే చెప్పాలి. దానికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: ఒకడు పొగరుబోతు గుర్రాన్ని, దాని సంగతి తెలిసీ చెప్పకుండా ఇంకొకడికి ఇచ్చాడు. అది పరుగెత్తి వాడిని కింద పడేసింది. అప్పుడు ఆ నష్టం గుర్రం ఇచ్చినవాడిదే. (ఇంకో ఉదాహరణలో, చూసుకోమని ఇచ్చిన ఆవు ఈనితే దూడను కూడా అప్పగించాలట. నూట యాభై ఏళ్ళ కిందట కూడా ఈ పేచీలు ఉండేవన్నమాట!) మీ విషయంలో అప్పగించింది కుక్కను, పగిలింది టీవీ, కాబట్టి ఈ సెక్షన్లు సూటిగా వర్తిస్తాయా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఇద్దరు ఫ్రెండ్స్ కూర్చుని తేల్చుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు.

మీ ప్రశ్న చివర్లో ఒక మాట రాశారు, ఈ కుక్క ఇంతకుముందు రెండు ఛార్జర్లు కొరికేసిందని ఆ తర్వాత తెలిసిందని. అదే ఆ పొగరుబోతు గుర్రం. వైర్ల దగ్గర జాగ్రత్త అని ఆవిడ చెప్పి, మీరు పట్టించుకోకపోయి ఉంటే నేనే ఇవ్వమనేదాన్ని. చెప్పలేదు. కుక్క ఉన్న ఎవరైనా పది నిమిషాలు బాల్కనీలో ఫోన్ మాట్లాడతారు, ఆవిడా మాట్లాడుతుంది. పైగా టీవీని గోడకు బిగించకుండా స్టాండు మీద పెట్టుకున్నది వాళ్ళు.

ఇక లెక్క. పగిలింది నాలుగేళ్ళ టీవీ, ఆవిడ సగం అడుగుతున్నది కొత్త టీవీ ధరలో. ఇది కుదరదు. పోయినదాని విలువ ఎంతో దాని మీదే మాట్లాడుకోవాలి. పాత టీవీలు కొనే చోట అదే మోడల్ పగలకుండా ఉంటే ఎంత పలుకుతుందో చూడండి. స్క్రీన్ పగిలితే రిపేరు మీద ఆశ పెట్టుకోకండి, ప్యానెల్ మార్చడానికి చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా అడుగుతారు. కింద పడి పగిలితే మామూలు వారంటీ కూడా రాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మూడో రోజు పగిలింది, పదో రోజు చెప్పారు. ఈ మధ్యలో ఆవిడ రోజూ వీడియో కాల్ చేసిందని, మీరు కెమెరా కుక్క వైపే తిప్పారని మీరే రాశారు. నన్నడిగితే ఆవిడ అడుగుతున్న 23 వేలు టీవీకి కాదు, ఆ ఏడు రోజులకి. నేను ఒక్క గంట దాచిపెట్టినదానికే మనసు పాడు చేసుకున్నదాన్ని, మీ టెన్షన్ ఊహించగలను. కానీ దానికి డబ్బు సరిపోదు, డబ్బుతో ఆ మాట దాటేయనూ కూడదు. మెసేజ్ పెట్టకుండా వెళ్ళి కూర్చుని, "ఆ రోజే చెప్పాల్సింది, భయపడి చెప్పలేకపోయాను" అని ముందు అదొక్కటే చెప్పండి. టీవీ ఊసు ఆ తర్వాత. అప్పుడు కూడా సగం కుదరదనే చెప్పండి. మీకు ఇవ్వాలనిపిస్తే, పాత టీవీ విలువలో మూడో వంతో నాలుగో వంతో ఇంత అని ఒక అంకె మీరే అనండి. నేనైతే ఇచ్చేదాన్ని, బాధ్యత ఉందని కాదు, ఆవిడ నాకు కావాలి కాబట్టి. మీకు ఆవిడ ఎంత కావాలో మీకే తెలుసు.

కుక్కలు చూసుకునేవాళ్ళు ఇంకొకటి గమనించండి. వాకింగ్‌కో లిఫ్టులోకో తీసుకెళ్ళినప్పుడు అది ఎవరినైనా కరిస్తే, నాది కాదండీ మా ఫ్రెండ్‌ది అంటే చెల్లదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ జంతువు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ అజాగ్రత్త గురించే మాట్లాడుతుంది. ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. గొలుసు వదలకండి.

మొన్న సంక్రాంతికి కూడా కాటుకను నాకే అప్పగించి వెళ్ళారు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. మొదటి లైను: "జాలీ చింపుతుంది, వదిలెయ్." రెండోది: "కుళాయి."