‘బాలు పాట ఒక్కసారైనా ఎదురుగా వినలేకపోయా... మావారి వల్లే!’

ప్రశ్న: నా వయసు 49. చిన్నప్పటి నుంచీ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పాటంటే ప్రాణం. 2019లో ఆయన కచేరీకి నేనే రెండు టికెట్లు కొన్నాను. ఆ సాయంత్రం ముస్తాబై కూర్చున్నాక మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ‘మీటింగ్ తెమిలేలా లేదు, ఇంకోసారి వెళ్దాంలే’ అన్నారు. ఆ మరుసటి ఏడాదే బాలు గారు పోయారు. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఏ గొడవ మొదలైనా చివరికి ఆ సాయంత్రం దగ్గరికే వస్తోంది. ‘యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయిగా, చూసుకో’ అంటారు మావారు. నేనేమో బాలు పాటలు పెట్టుకోవడమే మానేశాను. వయసు మళ్ళిన గాయకులెవరి ప్రోగ్రాం ఉందన్నా, వీళ్ళనూ చూడలేనేమోనన్న టెన్షన్‌తో క్రెడిట్ కార్డు మీద టికెట్లు కొనేస్తున్నాను. మొన్న ఒకదానికి వెళ్ళి మొత్తం ఫోన్‌లో రికార్డు చేశాను. ఒక్క పాటా మనసుకెక్కలేదు. మా అమ్మాయి కౌన్సెలింగ్‌కి వెళ్ళమంటోంది. ఇంత చిన్న విషయాన్ని నేనే పెద్దది చేసుకుంటున్నానా?

జవాబు: ఇది చిన్న విషయమని మీకు మీరే ఎందుకు సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నారమ్మా? నలభై ఏళ్ళుగా ఒక గొంతు మీతో ఉంది. ఆ గొంతును ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలనుకున్నారు. అది చేతిదాకా వచ్చి జారిపోయింది. బాధ ఉండదా? కాకపోతే మీ ఉత్తరంలో ఒకటి కాదు, మూడు బాధలున్నాయి. బాలు గారు లేరన్నది ఒకటి. ఆ రోజు మీవారు రాలేదన్నది ఇంకొకటి. మూడోదాన్ని మీరు రాయలేదు, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ మూడూ కలిపి మీవారి ఖాతాలో వేసేశారు. అందుకే ఆయన ఎంత కట్టినా ఆ అప్పు తీరడం లేదు.

ముందు ఆయన వంతు ఎంతో తేలుద్దాం. 2019లో బాలు గారికి 73 ఏళ్ళు. ఆరోగ్యంగా తిరుగుతున్నారు, పాడుతున్నారు. 2020 ఆగస్టు 5న ఆస్పత్రిలో చేరినప్పుడు కూడా, స్వల్ప లక్షణాలే, కంగారు పడకండని ఆయనే వీడియోలో చెప్పారు. సెప్టెంబర్ 25న పోయారు. కరోనా వచ్చి కచేరీలన్నీ ఆగిపోతాయని, ఆ మనిషి మళ్ళీ వేదిక ఎక్కరని 2019లో ఎవరికి తెలుసు? ‘ఇంకోసారి వెళ్దాంలే’ అన్నప్పుడు మీవారు అబద్ధం చెప్పలేదు. ఆ ఇంకోసారిని లేకుండా చేసింది ఆయన కాదు.

అలాగని ఆయన్ని పూర్తిగా వదిలేయడం లేదు. మీరు ముచ్చటపడి టికెట్లు కొని, తయారై, గడియారం చూస్తూ కూర్చున్న సాయంత్రం అది. ఆయనకది ఒక మీటింగ్‌కీ ఒక ప్రోగ్రాంకీ మధ్య తేల్చుకోవాల్సిన లెక్కలా కనబడింది. అంతవరకు తప్పు ఆయనదే. ఆ తర్వాత ‘యూట్యూబ్‌లో చూసుకో’ అనడం ఇంకో తప్పు, నన్నడిగితే అదే పెద్దది. ఎదురుగా పాడుతుంటే వచ్చేది పాట ఒక్కటే కాదు. బాలు కచేరీ చూసినవాళ్ళు ఎవరిని కదిపినా పాట గురించి ఎంత చెప్తారో, పాటకూ పాటకూ మధ్య ఆయన చెప్పిన కబుర్ల గురించీ అంతే చెప్తారు. ఈ మాట ఎవరు రాశారు, బాణీ ఎవరు కట్టారు, పక్కన వాయిస్తున్న కుర్రాడి చేతిలో ఎంత పనితనం ఉంది అని ఆగి మరీ చెప్పే అలవాటు ఆయనది. ఎన్నో వేలమందికి అవన్నీ ఒకే క్షణంలో చెవిన పడతాయి. ఆ వేలమందిలో ఒకరై కూర్చోవాలని మీరనుకున్నారు. దానికి వీడియో లింకు సమాధానం కాదు. ఈ పేరా మీవారికి చూపించండి. ‘ఆ రోజు నేను రావాల్సింది’ అన్న నాలుగు ముక్కలు, కింద వివరణ ఏమీ తగిలించకుండా, ఆయన నోటి నుంచి రావాలి. మీకు ఇంతవరకూ దొరకనిది అదేనని నా అనుమానం.

కానీ ఆ మాట ఆయన అన్నాక మీరూ ఒకటి చేయాలి. తర్వాతి గొడవలో ఆ సాయంత్రాన్ని పైకి తీయకూడదు. కరెంటు బిల్లు గురించి మొదలైన మాట కచేరీ దగ్గర తేలితే, పాపం ఆ మనిషికి తప్పించుకునే దారేది? బిల్లూ తేలదు, కచేరీ దొరకదు.

ఇక మీరు రాయని మూడో బాధ. టికెట్లు రెండూ మీ చేతిలోనే ఉన్నాయి. మీరు తయారుగానే ఉన్నారు. మీటింగ్ ఆయనకి, మీకు కాదు. ఒక్కరే వెళ్ళి వినాలన్న ఆలోచన ఆ సాయంత్రం ఎందుకు రాలేదు? నిష్ఠూరంగా అడగడం లేదు. చాలామంది ఆడవాళ్ళకు ఆ ఆలోచన రాదు, వచ్చినా ‘ఒక్కదాన్నే ఏం వెళ్తాను’ అని అక్కడే ఆగిపోతుంది. సంతోషానికి కూడా తోడు కావాలని, తోడు లేకపోతే అది మనది కాదని ఎప్పుడో నేర్చేసుకున్నాం. మీ కోపంలో కొంత భాగం మీ మీదేనని, అది ఒప్పుకోవడం కష్టమై దారి మళ్ళి ఆయన మీద పడుతోందని నాకనిపిస్తోంది. నేను పొరబడి ఉండొచ్చు, కానీ ఒకసారి ఈ వైపు నుంచి ఆలోచించి చూడండి.

ఇలాంటి చింత ఏళ్ళు గడిచినా ఎందుకు తగ్గదన్నది మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించారు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే ఇద్దరు 1990లలో చేసిన పనిలో తేలింది ఇది: చేసిన పొరపాటు అప్పటికప్పుడు ఎక్కువ కాలుస్తుంది, చేయకుండా వదిలేసిన పని మాత్రం కాలం గడిచేకొద్దీ ఎక్కువ వేధిస్తుంది. చేసిన పనికి ఒక ఫలితమంటూ కనబడుతుంది, సర్దుకుంటాం. చేయని పనికి ఫలితం ఉండదు కాబట్టి ఊహకు అడ్డూ ఆపూ ఉండదు. పైగా మీది అసలు ప్రయత్నించని కచేరీ కూడా కాదు, టికెట్ చేతిలో ఉన్నది. వాళ్ళిద్దరూ ఇంకొకరితో కలిసి 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు పరిశీలిస్తే, రజతం వచ్చినవాళ్ళ కంటే కాంస్యం వచ్చినవాళ్ళే సంతోషంగా కనబడ్డారు. కొద్దిలో తప్పిపోతే అలాగే ఉంటుంది మరి.

మీ ఊహలో ఆ కచేరీ ఎలా ఉంటుందో నేను చెప్పగలను. మీకు ఇష్టమైన పాటలన్నీ ఆయన పాడేస్తారు. మైకు గీ పెట్టదు. ముందు వరసలో పొడుగాటాయన అడ్డంగా కూర్చోడు. నిజం కచేరీలు అలా ఉండవని మీకూ తెలుసు. 1965 ఆగస్టులో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ అనే ఇంగ్లండ్ పాటల బృందం పాడినప్పుడు సుమారు 55 వేల మంది వచ్చారు. జనం కేకల్లో పాట చాలామందికి వినపడనే లేదు, పాడేవాళ్ళకే తమ గొంతు తమకు సరిగా వినపడలేదు. మరుసటి ఏడాదికల్లా టికెట్ కచేరీలే మానేశారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు అదృష్టవంతులు కాదనడం లేదు. మీరు పోగొట్టుకున్నది ఒక మామూలు మంచి కచేరీని, ఊహలో కట్టుకున్న కచేరీని కాదు అని మాత్రమే చెప్తున్నాను. ఈ రెంటికీ తేడా తెలిస్తే బరువు కొంత దిగుతుంది.

పాటలు వినడం మానేశానన్నారే, అన్నిటికంటే నాకు నచ్చనిది అదే. చూడలేకపోయిన రెండున్నర గంటల కోసం, దొరికిన నలభై ఏళ్ళనూ గదిలో పెట్టి తాళం వేశారు. పైగా సినిమా పాటలో ఆయన అసలు పని జరిగింది స్టూడియోలోనే. మైకు ముందు ఒక్క నవ్వు కోసం, ఒక్క ఊపిరి కోసం ఆయన పడ్డ శ్రమ మీకు చేరేది రికార్డులోనే. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ అయితే 1964లో, 31 ఏళ్ళకే, కచేరీలు పూర్తిగా మానేసి, సంగీతానికి స్టూడియోయే సరైన చోటని బతికినంతకాలం రికార్డులు చేస్తూ ఉండిపోయాడు. ఆయనది మరీ మొండితనం అనుకోండి, అయినా రికార్డు వినేవాళ్ళు ఎంగిలి సంగీతం వింటున్నట్టు కాదు. ఈ వారం ఒక్క పాట పెట్టుకోండి. సినిమాలో బాగా మోగిపోయినది వద్దు, మీకు మాత్రమే ఇష్టమైనది ఏదో ఒకటి. ఏడుపొస్తే రానివ్వండి. పాట అయ్యేదాకా ఆపకండి.

టికెట్ల విషయానికొస్తే, క్రెడిట్ కార్డు మీద కొనడం ఈ నెల నుంచే ఆపేయండి. వయసు చూసి కాదు, మీ చెవికి ఎవరు దగ్గరో చూసి కొనండి. మొన్న ఫోన్‌లో రికార్డు చేసినాయన పాట అంతకుముందు మీ ఇంట్లో చివరిసారి ఎప్పుడు మోగింది? గుర్తు రాకపోతే మీరు వెళ్ళింది ఆయన కోసం కాదు, భయం కోసం. ముగ్గురు నలుగురి పేర్లు రాసుకోండి, ఎక్కువ వద్దు. వాళ్ళలో ఎవరు వచ్చినా డబ్బులు ముందే పక్కన పెట్టుకుని వెళ్ళండి. ఫోన్ బ్యాగులోంచి తీయకండి. ఒకటి మాత్రం తప్పకుండా చేయండి: వాటిలో మొదటిదానికి ఒకే టికెట్ కొని ఒక్కరే వెళ్ళండి. రాకపోకలకు క్యాబ్ ముందే మాట్లాడుకోండి, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి, అంతే. ‘నేనూ వస్తాను’ అని మీవారు అంటే, రెండోదానికి రమ్మనండి.

కౌన్సెలింగ్ అవసరమా అన్నారు. బాలు గారి కోసం దుఃఖపడుతున్నందుకైతే అక్కర్లేదు. కానీ కార్డు బాకీ కట్టలేని స్థితికి వచ్చినా, నిద్ర పట్టక ఆ సాయంత్రమే బుర్రలో తిరుగుతున్నా, కొనకూడదని అనుకున్నాక కూడా చెయ్యి ఆగకపోయినా ఆలస్యం చేయకుండా వెళ్ళండి. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్ళండి. మీ అమ్మాయి మిమ్మల్ని పిచ్చిదాన్ని అనడం లేదమ్మా, ఇంట్లో రోజూ ఆ గొడవ వింటున్నది తనే కదా. ఆమెతో ఒకసారి తీరిగ్గా మాట్లాడండి. కార్డు స్టేట్‌మెంట్ కూడా చూపించండి. ఎంత బాకీ ఉందో ఆమెకు, మీవారికి ఇంకా తెలియదేమోనని మీ ఉత్తరం చదివితే అనిపించింది.