క్వారీ అంచున కంచె నాటబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి పెద్ద మామయ్య ఆశీస్సులు.

చీమకుర్తి దగ్గర గెలాక్సీ అనే నల్ల గ్రానైటు రాతి క్వారీ విస్తరణలో హద్దు వెంట చెట్లు పెంచే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. విన్నప్పుడు ఎంత సంతోషం కలిగిందో అంత కలవరమూ కలిగింది. మన ఇంట్లో నా తరవాత మొక్కల పని పట్టినది నువ్వే కనుక గర్వం. ఆ పని లోతైన గని అంచున కనుక భయం. నీతో ఫోనులో మాట్లాడబోతే సగం మాటలు టిప్పర్ల రొదలో కలిసిపోతున్నాయి. అందుకని నాకు తెలిసినదంతా కాగితం మీద పెడుతున్నాను. తీరిక చేసుకుని చదువు.

గుంటలు తీయడం, పశువుల ఎరువు కలపడం, పాదు చేయడం, ఊతకర్ర పాతడం నీకు తెలిసిన పనులే కనుక వాటి గురించి రాయను. లీజు హద్దు వెంట లోపలివైపు 7.5 మీటర్ల మేర తవ్వకుండా వదిలి, అక్కడ పచ్చదనం పెంచాలన్న షరతు మీ అనుమతి పత్రంలో ఉండే ఉంటుంది. ఆ అంకెను మాత్రం టేపు పెట్టి నువ్వే కొలిపించు. ఎవరో కొలిచారన్న మాట నమ్మవద్దు.

నువ్వు మొదట చేయవలసినది నాటడం కాదు. యంత్రాలు రాకముందే ఆ కొత్త నేలంతా నడిచి, ఇప్పటికే అక్కడ ఏమేమి బతికి ఉన్నాయో ఒక పుస్తకంలో రాసుకో. విస్తరణకు తీసుకున్నవి పాత చేలే అయితే, గట్ల మీద రైతులు తరతరాలుగా వదిలిన కంచెలు కొంతైనా మిగిలి ఉంటాయి. కలివె, బలుసు, వాక, గచ్చ, పరికి, వాటి మధ్య అక్కడక్కడ ఒక ఈతచెట్టు, ఒక తాడిచెట్టు. కాగితాల మీద వీటిని ముళ్లపొదలని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. బతికుంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలు ఊరికే అనలేదు. ఏ పంటా లేని ఏడు కూడా గట్టు మీద ఆ పొద ఆకు వేసేది. ఆ బలుసు మొక్క ఇప్పుడు ఏ నర్సరీలో అమ్ముతున్నారో చూపించు. అలాంటి కంచెలో జెర్రిపోతులు, ముంగిసలు ఉంటాయి, వాటి వల్ల చేలో ఎలుకలు అదుపులో ఉంటాయి. వానలు పడగానే గిజిగాళ్లు ఆ ఈతచెట్లకూ తాడిచెట్లకూ గూళ్లు అల్లుతాయి. అందువల్ల కొమ్మ కొట్టక తప్పని చోట కూడా వానాకాలంలో కత్తి పెట్టించకు, సంక్రాంతి వెళ్లనివ్వు. ఇక మాను కొట్టవలసి వస్తే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ సంగతి గని తవ్వే గుత్తేదారుకు గుర్తు ఉండదు, నీకు ఉండాలి.

ఇక్కడ నీకు ఒక పాత సంగతి వివరంగా చెప్పాలి. ఆ క్వారీ పేరు రాయను. అప్పటి యజమాని ఇప్పుడు లేరు, పైగా ఆయన చెడ్డ ఉద్దేశంతో చేసినదీ కాదు. ఊరి వైపు హద్దు మీద పాత చింతచెట్ల వరస ఒకటి ఉండేది. ఒక్కొక్కటి ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందని మాను. క్వారీని ఆ వైపుకు పెంచినప్పుడు ఒక్క చెట్టునూ నరకకూడదని ఆయన గట్టిగా ఆజ్ఞాపించారు. ప్రతి చెట్టుకూ సున్నం పూసి అంకె వేశారు, మొదలు చుట్టూ మూడడుగుల దూరంలో రాళ్లతో గుండ్రంగా అరుగు కట్టించారు. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉండేది. చెట్లు బతికిపోయాయి కదా అని మేమందరం సంతోషించాం. ఆ అరుగు బయటే తప్పు జరిగింది. గనిలో నుంచి తీసిన పైమట్టినీ, పనికిరాని రాతి ముక్కలనూ పోయడానికి చోటు చాలక, ఆ చెట్ల నీడ పడే నేలనే డంపుగా వాడారు. మనిషి ఎత్తున గుట్ట లేచింది. దాని పక్కనే టిప్పర్ల దారి పడింది. అరుగు లోపల మాను మాత్రం సున్నంతో తెల్లగా నిలబడి ఉంది.

మొదటి ఏడు ఏమీ కాలేదు. మరుసటి ఏడు ఎన్నడూ లేనంత కాపు కాసింది. డంపు మట్టిలో బలం ఉందని కూడా కొందరు అన్నారు. చావుకు దగ్గరైన చెట్టు విత్తనం మీద బలమంతా పెట్టడం కొత్త కాదని అప్పుడు అక్కడ ఎవరికీ తోచలేదు. ఆపైన కొనకొమ్మలు ఎండడం మొదలైంది. నీళ్లు చాలక అనుకుని ట్యాంకరుతో చెట్ల మొదళ్లలో నీళ్లు పోయించారు, చెద అనుకుని మందు కొట్టించారు. చివరికి ఒక వైపు పూర్తిగా మోడైన చెట్టు ఒకటి కార్తీకపు తుపాను గాలికి దారికి అడ్డంగా పడింది. ఆ వేళ దారిలో ఎవరూ లేరు కనుక సరిపోయింది. వేళ్లు పైకి లేచిన చోట చూస్తే అవి కుళ్లి నల్లబడి ఉన్నాయి.

కారణం చెబుతాను, నీ పై అధికారికి చెప్పడానికి పనికి వస్తుంది. చెట్టుకు నీరూ ఆహారమూ తెచ్చే సన్నని పీచువేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరలో, రెండు మూడు అడుగుల లోపలే ఉంటాయి; అవి కొమ్మల నీడను దాటి చాలా దూరం పాకుతాయి. వాటికి నీరు ఎంత అవసరమో గాలి అంత అవసరం. పైన మట్టి పోసినా, బండ్లు తిరిగి నేల గట్టిపడినా మట్టి రంధ్రాలు మూసుకుపోయి వేళ్లకు ఊపిరి ఆడదు. లోపల నిల్వ ఉన్న బలంతో చెట్టు రెండు మూడేళ్లు పచ్చగానే కనిపిస్తుంది. అందుకే తప్పు చేసినవారు ఎప్పటికీ దొరకరు. చెట్టు ఎండే నాటికి మేనేజరు మారిపోయి ఉంటాడు.

కనుక నువ్వు కట్టవలసినది మాను చుట్టూ అరుగు కాదు, వేళ్ల చుట్టూ కంచె. ఛాతీ ఎత్తున మాను అడ్డకొలత తీసుకో. దానికి పన్నెండు రెట్ల దూరం అన్ని వైపులా వదిలి, అక్కడ గట్టి కంచె వేయించు. మాను మూడడుగుల మందం ఉంటే ముప్పై ఆరు అడుగులు. అంత చోటు వదలలేమని అంటారు. వదలలేకపోతే ఆ చెట్టును కాపాడుతున్నామని నివేదికలో రాయవద్దని నిక్కచ్చిగా చెప్పు. కంచె లోపల మట్టి పోయరాదు, తీయరాదు, డీజిలు డ్రమ్ములు దించరాదు, బండి నిలపరాదు. ఈ కంచె మొదటి యంత్రం గేటు దాటే ముందు రోజుకే ఉండాలి. మర్నాడు వేద్దామంటే అప్పటికే ఏదో ఒకటి జరిగిపోయి ఉంటుంది. ఈ విషయంలో నువ్వు మొహమాటపడతావేమోనని నా అనుమానం. చిన్నప్పటి నుంచీ నీకు ఎవరితోనూ పేచీ ఇష్టం ఉండదు. పక్కింటి పిల్ల నీ పలక లాక్కున్నా ఊరుకునేదానివి. అక్కడ అలా ఊరుకుంటే నేను ఒప్పుకోను.

పైమట్టి సంగతి. గని కోసం తీసే మట్టిలో మొదటి అడుగు మట్టిని వేరుగా తీయించి, వేరుగా పోయించు. మనిషి ఎత్తు దాటకుండా పరిచి, దాని మీద జనుమో పిల్లిపెసరో చల్లించు. ఎత్తుగా కుప్ప పోస్తే లోపలి మట్టికి గాలి ఆడక అందులోని జీవమంతా చస్తుంది. ఈ మట్టి లేకుండా రాతి డంపు మీద నువ్వు ఏది నాటినా డబ్బు దండుగ.

ఎప్పుడు నాటాలన్నది మరో ముఖ్య విషయం. వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీగారు జూలైలో ప్రారంభించారు కనుక ఇప్పటికీ అందరూ ఆ నెలలోనే బ్యానరు కట్టి ఫొటోలు దిగుతారు. నైరుతి వానలు బాగా పడే ప్రాంతాలకు అది సరిపోతుంది. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు అసలు వాన సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా పడేది. జూలైలో మనకు వీచేది మండే పడమటి గాలి. ఆ గాలిలో నాటిన లేతమొక్క పెనం మీద వేసిన ఆకే. పెద్దలు వచ్చి జూలైలో నాటాలంటే గేటు దగ్గర నాలుగు మొక్కలు నాటించి మర్యాద చేసి పంపు. హద్దు పని మాత్రం ఆశ్వయుజంలో మొదలుపెట్టు. గుంటలు ఎండాకాలంలోనే తీయించి ఉంచితే మట్టి బాగా ఎండి తెగుళ్లు పోతాయి. మీది నల్లరేగడి అయితే ఇంకో జాగ్రత్త కావాలి. వేసవిలో ఆ నేల నెర్రెలిచ్చి లేతవేళ్లను తెంపేస్తుంది కనుక గుంటలో ఎర్రమట్టి కలిపించి, పాదు మీద వేరుశనగ పొట్టో చొప్పో మందంగా కప్పించు.

ఏ దిక్కున ఏది నాటాలో గాలిని బట్టి తేల్చుకో. జ్యేష్ఠ ఆషాఢాల్లో పడమటి గాలి దుమ్మును తూర్పుకు మోస్తుంది. కార్తీకం నుంచి ఈశాన్యపు గాలి అదే దుమ్మును నైరుతి వైపు చేలకు మోస్తుంది, అది సరిగ్గా పొగాకు ఆకు ఎదిగే కాలం. ఆకు మీద రాతిపొడి పడితే రైతుకు వేలంలో ధర పడిపోతుంది, ఆ కోపం మీ గేటు దగ్గరికే వస్తుంది. కాబట్టి తూర్పున, నైరుతిలో ఎక్కువ వరసలు పెట్టు. వరసలు ఎదురెదురుగా కాక ఎడం తప్పించి ఉండాలి. బయటి వరసలో వాక, కలివె, గచ్చ. నడుమ కానుగ, సీమచింత. లోపల వేప, చింత, నేరేడు. గోడలా పూర్తిగా మూసుకుపోయిన కంచెను గాలి ఎగిరి దాటి అవతల సుడి తిరుగుతుంది; గాలి సగం దూరి నెమ్మదించే కంచె దగ్గరే దుమ్ము దిగుతుంది. త్వరగా పెరుగుతాయని ఒకే రకం మొక్క వేలకొద్దీ తెచ్చి నాటించమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. సుబాబుల్, జామాయిల్ నాటితే రెండేళ్లకు ఫొటో బాగుంటుంది, అడుగున మాత్రం ఖాళీగా ఉంటుంది, దుమ్ము పోయేది ఆ అడుగు నుంచే. అన్నట్టు, క్వారీ దుమ్ములో ఎక్కువ భాగం లేచేది టిప్పర్ల దారి నుంచే. ఆ దారిని తడపకుండా చెట్ల మీద భారం వేస్తే ఆకుల రంధ్రాలు మూసుకుపోయి అవీ నీరసిస్తాయి.

సర్కారు తుమ్మను నేనూ తిట్టుకున్నవాణ్ణే. అయినా ఉన్నదంతా ఒక్కసారే పెరికించవద్దు. కొత్త వరస నడుము ఎత్తు వచ్చేదాకా గాలికి అడ్డుగా ఉండనిచ్చి, విడతలుగా తీయించి, ఆ కంపనే లేతమొక్కల చుట్టూ కట్టించు. మేకల కాపరులను కేకలు వేసి తరమకు. వాళ్లకు ఒక దారి వదిలి, కాపలా పని కూడా వాళ్ల ఇంటివాళ్లకే ఇప్పించు.

ఇక నా భయం. వాన తెరిపి ఇచ్చిన రోజున నాటడానికి నేల అనువుగా ఉంటుంది, గని అంచు అపాయంగా ఉండేదీ ఆ రోజే. రాతి మీద ఉన్న పైమట్టి నీళ్లు తాగి బరువెక్కి, అంచుకు సమాంతరంగా సన్నని నెర్రె పడుతుంది. గడ్డిలో అది కనిపించదు. నీళ్ల బిందె చంకన పెట్టుకున్న మనిషి కాలు చూసుకోదు. కూలికి వచ్చే ఆడవాళ్లు నిన్ను నమ్మి వస్తారు, వాళ్లకు పిల్లలు ఉంటారు. అంచు వెంట ముందుగా తాడు కట్టించి, దాన్ని ఎవరూ దాటకుండా చూడు. లోపలి వరస పని పొడినేల ఉన్న రోజులకు మార్చు. పేలుడు వేళకు సైరను మోగేలోగా అందరినీ లెక్కపెట్టి బయటికి తీసుకురా. నువ్వు కూడా తాడు ఇవతలే ఉండాలి. నువ్వు అంచున నిలబడి దిగిన ఫొటోను మీ అమ్మ మురిసిపోతూ నాకు చూపించింది. ఆవిడకు ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకోసారి అలా చేస్తే నేనే బస్సెక్కి వచ్చి నీ ఆఫీసులో అందరి ముందూ చివాట్లు పెడతాను. ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకో. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏ మందూ దాన్ని బయటికి తీయలేదు.

నాటిన తరవాత మూడు వేసవులు నీళ్లు పోయాలి. దానికి డబ్బు ఇప్పుడే కాగితం మీద రాయించుకో, తరవాత అడిగితే ఇవ్వరు. గనిలో ఊరే నీరు వాడవచ్చు, అయితే రాతిని తీగతో కోసే వైరు కోతలో వచ్చే రాతి బురద కలిసిన నీరు తిన్నగా పాదుల్లోకి పోనీయకు; అది ఆరి మట్టి మీద పెచ్చు కడుతుంది. ఒక తొట్టిలో తేరుకున్నాక పోయించు.

విత్తనం సంగతి ఒకటి మిగిలింది. వేపగింజ రెండు మూడు వారాలు దాటితే మొలవదు. వాక్కాయ గింజ కూడా తాజాగానే వేయాలి. అందువల్ల వాటిని కొని నిల్వ చేయకు, పండ్లు రాలేటప్పుడు మీ పక్క ఊళ్లలోనే పిల్లల చేత ఏరించి సంచుల్లో పోయించు. సంచిలో ఏడాది దాటిన మొక్కకు వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, నర్సరీవాడు ఉచితంగా ఇచ్చినా తీసుకోకు. గచ్చ గింజల పెంకు గట్టిది కనుక ఒక వైపు బండ మీద అరగదీసి నానబెట్టాలి. చిన్నప్పుడు దాన్ని అరుగుకు రుద్ది నీ చేతికి చురుక్కుమనిపించి ఏడిపించింది నేనే, కాబట్టి ఆ పని నీకు నేర్పనవసరం లేదు. తాటి టెంకలు శ్రావణ భాద్రపదాల్లో దొరుకుతాయి. వాటిని సంచుల్లో కాక హద్దు మీదే నేరుగా పాతించు. నా దగ్గర గచ్చ గింజలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. మీ ఊరికి వచ్చే బస్సులో ఎవరి చేతనైనా పంపమంటే పంపుతాను. నువ్వు రాసుకున్న చెట్ల జాబితాను, మాను కొలతలతో సహా, ఈ నెలలోనే నాకు పంపు. ఏ చెట్టుకు ఎంత దూరం కంచె పడాలో లెక్కగట్టి తిరుగు టపాలో రాస్తాను.

ఇట్లు,
నీ పెద్ద మామయ్య