పిక్క కొట్టే చేతికి గ్రేడింగ్ బల్ల దగ్గర చోటు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

ఒడిశా పర్లాకిమిడిలో జీడిపప్పు యూనిట్ బాధ్యత నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. కొండ ఊళ్ల సవరలు, ఒడియావాళ్లు, మన తెలుగువాళ్లు నలభై మంది కలిసి పనిచేసే చోట ఎవరూ చిన్నబోకుండా చూడాలంటే ఏం చెయ్యాలని అడిగావు. గోడమీద బోర్డు రాయించడం తర్వాత సంగతి. ముందు ఒక కాగితం తీసుకుని జీడిపిక్క కొట్టేది ఎవరు, పొట్టు తీసేది ఎవరు, పప్పుని సైజు చూసి వేరుచేసే గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చునేది ఎవరు అని పేర్లు రాసుకో. పక్కనే ఊరు, భాష రాయి. కొట్టే దగ్గరంతా కొండ ఊళ్ల ఆడవాళ్లే, గ్రేడింగ్ దగ్గరంతా బజారు వీధులవాళ్లే తేలితే, ఎవరూ నోరు విప్పి చెప్పని కులం ఆ షెడ్డులో పని పంచుతోందన్నమాట. నీ పని అక్కడ మొదలవుతుంది.

పిక్క పెంకులోని జీడి రసం చేతికి అంటితే పొక్కుతుంది, చర్మం ఊడుతుంది. కొట్టేవాళ్లకి గ్లవ్సు, ఆముదం, కడుక్కోడానికి సబ్బు నీళ్లు యూనిటే ఇవ్వాలి, కూలిలో కోయకూడదు. అపాయం ఎక్కువున్న పనికి రేటు తక్కువ పెట్టడం అన్యాయం, ముందు దాన్ని సరిచెయ్యి.

తర్వాత మార్పిడి. అందర్నీ ఒక్కసారి మార్చావంటే పని చెడుతుంది, పాతవాళ్లు ఎదురుతిరుగుతారు. నెలకి ఇద్దర్ని కొట్టే దగ్గరనుంచి గ్రేడింగుకి తీసుకురా. కిలో లెక్కన కూలి కాబట్టి కొత్త చేతికి మొదట్లో ఆదాయం పడిపోతుంది. నాలుగు వారాలపాటు వాళ్లకి వెనకటి సగటు కూలి హామీగా ఇవ్వు. ఇది ఇవ్వకపోతే వాళ్లే “మాకు పాత పనే చాలు” అని వెనక్కి పోతారు, అప్పుడు మేస్త్రీ “చూశారా, వాళ్లకి ఇష్టం లేదు” అంటాడు. అక్షరం రానివాళ్లు గ్రేడింగ్ ఎలా చేస్తారని కూడా అంటారు. పౌను బరువుకి ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయన్నదాన్ని బట్టే కదా 180, 210, 240, 320 అని పేర్లు. ఒక్కో రకానికీ ఒక గాజు గిన్నెలో నమూనా పోసి బల్లమీద పెట్టు. ఈ పనికి కావలసింది కన్ను.

పొట్టు తీసే దగ్గర ఇంకో మెలిక ఉంది, బయటివాళ్లకి కనిపించదు. డ్రయ్యర్లో బాగా ఆరిన పప్పు పొట్టు చేత్తో రాస్తే వచ్చేస్తుంది. సరిగా ఆరనిది అంటుకుపోతుంది, గీకితే గుండు కాస్తా ముక్కవుతుంది. మేస్త్రీ మంచి ట్రేలు తనవాళ్లకి, చెడ్డవి మిగతావాళ్లకి పంచితే చాలు, ఒకే రేటు మీద ఇద్దరి కూలిలో పెద్ద తేడా వస్తుంది. ట్రేలకి నంబర్లు వేసి రోజూ పొద్దున చీటీలు తీయించు. కాటా ముఖం కూలి మనిషి వైపు తిప్పి పెట్టు. తూకం పైకి చెప్పి, యూనిట్ పుస్తకంలోనూ ఆమె పుస్తకంలోనూ ఒకేసారి రాయాలి. ఒకే పనికి ఆడ, మగ కూలి తేడా ఉండకూడదని 1976 నుంచీ చట్టం ఉంది.

భాష సంగతి తేలిగ్గా తీసుకోకు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊళ్లో యూనిట్ నడుపుతూ సూపర్‌వైజరుకి పది సవర మాటలు రాకపోవడం తప్పు. ముందు “చెయ్యి కాలుతుంది, ఆపు, నీళ్లు, నొప్పి, జీతం” లాంటివి నేర్పించు. నోటీసు ఒడియాలో, తెలుగులో అతికించి, సవరలో నోటితో చెప్పించు. పిలిచేటప్పుడు కులం పేరు వద్దు. రిజిస్టర్లో గొమాంగో అని సవర ఇంటిపేరు ఉన్న మనిషి పేరు సరిగా పలకడం నువ్వే ముందు మొదలుపెడితే తక్కినవాళ్లు నేర్చుకుంటారు.

మంచినీళ్ల కుండ ఒక్కటే, దానికి కుళాయి ఉండాలి. గ్లాసు ముంచే కుండ పెడితే ఎవరు ముంచాలన్న గొడవ వస్తుంది.

పది మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి. పెద్ద హోదాలో ఉన్న స్త్రీ అధ్యక్షురాలు, బయటి సంస్థనుంచి ఒకరు, మొత్తంమీద కనీసం సగం మంది ఆడవాళ్లు. జరిగిన 3 నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. రాయడం రానివాళ్లకి ఫిర్యాదు రాయడంలో కమిటీ సాయం చెయ్యాలని చట్టంలోనే ఉంది. కమిటీలో ఒక సవర మనిషి లేకపోతే ఆ తలుపు కొండ ఊళ్లవాళ్లకి మూసి ఉన్నట్టే.

కాలు సరిగా లేనివాళ్లకి గ్రేడింగ్ కూర్చుని చేసే పని, చక్కగా కుదురుతుంది. షెడ్డు గడప అరడుగు ఎత్తుంటే ఆరడుగుల వాలు కట్టించు. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీ ఎక్కడం కష్టం. ఇరవై మంది దాటిన యూనిట్ కాబట్టి 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సమాన అవకాశాల విధానం రాసి పెట్టాలి, ఒక అధికారిని కూడా నియమించాలి.

సెలవుల పట్టీలో సంక్రాంతితోపాటు ఒడియావాళ్ల రజ పండుగ, క్రిస్మస్ వేయి. సవరల కొత్తల పండగ తేదీ ఊరే నిర్ణయిస్తుంది గనక, ఎవరికి కావలసిన రోజు వాళ్లు వాడుకునేలా రెండు సెలవులు విడిగా ఉంచు.

కొత్తవాళ్లని మేస్త్రీ ఒక్కడి నోటిమాట మీద తీసుకోకు, తన వీధివాళ్లనే తెస్తాడు. కొండ ఊళ్లవాళ్లు దిగే సంత రోజున చాటింపు వేయించు. వచ్చినవాళ్లందరికీ ఒకే ట్రేలోని పప్పు ఇచ్చి అరగంట పని చేయించి చూడు, ఆ అరగంటకీ కూలి ఇచ్చెయ్యి.

మీ మావయ్య