డాబా తాళం, అత్తగారి వడియాలు

"మాది పాలకొల్లు దగ్గర పల్లె. పిల్లల చదువుల కోసం మూడేళ్ల కిందట భీమవరంలో ఫ్లాట్ కొనుక్కున్నాం. ఐదంతస్తులు, ముప్ఫై ఫ్లాట్లు. మామగారు పోయాక, ఈ జనవరిలో అత్తగారు (72 ఏళ్లు) మా దగ్గరికి వచ్చేశారు. ఫిబ్రవరిలో ఆవిడ డాబా మీద గుమ్మడి వడియాలు పెడితే, వాచ్‌మన్ బట్టతో సహా చుట్టి తెచ్చి మా గుమ్మం ముందు పెట్టాడు. అప్పటినుంచి డాబాకి తాళం. వెయ్యి రూపాయలు జరిమానా అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత చేపల వాసన రాకూడదని, చుట్టాలు రెండు రాత్రులకు మించి ఉంటే పర్మిషన్ తీసుకోవాలని వరసగా రూల్స్. మావారు సెక్రటరీతో గొడవపడి మూడు నెలలుగా మెయింటెనెన్స్ కట్టడం మానేశారు. ఇప్పుడు నీళ్లు ఆపేస్తామంటున్నారు. అత్తగారు 'నన్ను ఊళ్లో దింపేయండి' అంటూ అన్నం సరిగా తినడం లేదు. మావారేమో ఇది అమ్మేసి విడిగా ఇల్లు కొందామంటారు. మాగాయ కాయలు వచ్చేశాయి. నన్నేం చేయమంటారు?"
— ఒక గృహిణి, భీమవరం

అమ్మా, ముందు నీళ్ల సంగతి చూద్దాం. మిగతావి పది రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

మీవారి కోపంలో న్యాయం ఉంది. కానీ మెయింటెనెన్స్ ఆపడం పొరపాటు. ఆ బాకీ ఉన్నంతకాలం మీరేం అడిగినా "ముందు బాకీ కట్టి మాట్లాడండి" అని ఒక్క మాటతో నోరు మూయిస్తారు. చాలా అసోసియేషన్ల బైలాల్లో, అంటే సంఘం రాసుకున్న నిబంధనల్లో, బాకీ ఉన్నవాళ్లకి ఓటు కూడా ఉండదు. అందుకని ఈ వారంలోనే మూడు నెలల సొమ్మూ కట్టేయండి. చేతికి ఇవ్వకుండా అసోసియేషన్ బ్యాంకు ఖాతాకి పంపండి. పంపిన రోజే ఒక కాగితం రాయండి: "ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల మెయింటెనెన్స్ కింద ఈ మొత్తం పంపాం. వెయ్యి రూపాయల జరిమానాకి మాకు అభ్యంతరం ఉంది. ఈ సొమ్ములోంచి దానికి సర్దుకోవద్దు." ఆ చివరి మాట తప్పకుండా ఉండాలి. లేకపోతే మీరు పంపిన దాంట్లోంచి ముందు జరిమానా మినహాయించుకుని, ఏప్రిల్‌లో వెయ్యి తక్కువ కట్టారని చూపిస్తారు. దాని మీద ఆలస్య రుసుము మొదలవుతుంది. కాగితం రెండు ప్రతులు తీసి ఒకదాని మీద సెక్రటరీ సంతకం తీసుకోండి. పెట్టనంటే అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టు చేయండి.

బాకీ తీరాక కూడా నీళ్లు ఆపితే, మీ వాల్వు కట్టేసి ఉన్న ఫోటో తేదీ, టైముతో తీసి ఉంచుకోండి. ఆ రోజే మున్సిపల్ కమిషనర్‌కి, పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బాకీ వసూలుకి అసోసియేషన్ నోటీసు ఇవ్వాలి, కోర్టుకి వెళ్లాలి. కుళాయి కట్టేయడం వసూలు పద్ధతి కాదు. సివిల్ కోర్టులో తాత్కాలిక ఇంజంక్షన్, అంటే నీళ్లు ఆపవద్దని ఉత్తర్వు, అడగవచ్చు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా 15100కి ఫోన్ చేయవచ్చు.

ఇక కాగితాలు. ఎవరితోనూ మాట మొదలుపెట్టకముందే రెండు కాగితాలు చదవాలి. ఒకటి మీ రిజిస్ట్రేషన్ దస్తావేజు. షెడ్యూలులో మీ ఫ్లాటుతో పాటు ఇన్ని చదరపు గజాల అవిభక్త వాటా (స్థలంలో విడగొట్టని వాటా) అని రాసి ఉంటుంది. డాబా, మెట్లు, లిఫ్టు, సంపు ఉమ్మడివని రాశారా, లేక డాబా హక్కు బిల్డరో పై అంతస్తువాళ్లో అట్టేపెట్టుకున్నారా చూడండి. ఉమ్మడి అని ఉంటే డాబాలో ముప్ఫై ఇళ్లకీ వాటా ఉన్నట్టే, మీకూ ఉన్నట్టే. రెండోది అసోసియేషన్ బైలాలు. సొసైటీగా రిజిస్టరైతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో రుసుము కట్టి నకలు తెచ్చుకోవచ్చు. సెక్రటరీ దయ మీద ఆధారపడనక్కర్లేదు.

బైలాల్లో మూడు సంగతులు వెతకండి. జరిమానా వేసే అధికారం కమిటీకి ఇచ్చారా? కొత్త నియమం పెట్టాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి? సర్వసభ్య సమావేశం పెట్టమని ఎంతమంది సంతకాలతో అడగవచ్చు? జరిమానా అధికారం లేకపోయినా, ఉండి మీటింగు మినిట్స్‌లో తీర్మానం లేకపోయినా ఆ వెయ్యి నిలబడదు. వాట్సాప్‌లో పెట్టింది సమాచారం మాత్రమే, నియమం కాదు. తీర్మానం నకలు ఇవ్వమని ఒకే ఒక్క వాక్యంతో రాతపూర్వకంగా అడగండి. గ్రూపులో మాత్రం అడగకండి. గ్రూపులో అడిగితే ముప్ఫై ఇళ్లూ రెండు పక్షాలైపోతాయి.

ఇప్పుడు ఒక్కో రూలు. నా లెక్క గుమ్మాన్నిబట్టి ఉంటుంది. గుమ్మం లోపల ఏం వండుకుంటారు, ఎవరిని ఉంచుకుంటారు అన్నది మీ ఇష్టం. గుమ్మం దాటాక ఎలా వాడుకోవాలో అందరూ కలిసి నియమం పెట్టుకోవచ్చు, అసలు వాడుకోవద్దనడం మాత్రం కుదరదు.

చుట్టాల సంగతి తేలిక. ఎవరొచ్చారో వాచ్‌మన్ పుస్తకంలో పేరూ ఫోన్ నంబరూ రాయమనడం భద్రత కోసం, ఒప్పుకోండి. సంక్రాంతికి మీ ఆడపడుచు నాలుగు రాత్రులుంటే పర్మిషన్ అడగాలనడం మాత్రం వాళ్ల హద్దు దాటడమే. వచ్చినవాళ్ల కారు ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు వాళ్లకుంది, ఆ విషయంలో పట్టుబట్టకండి.

చేపల దగ్గర రెండు వైపులా నిజముంది. వండుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ వాసన ఎటు పోతోందో ఒకసారి చూడండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైపుల డక్టులోకి తెరుచుకుంటే, ఎండు చేపలు వేయించిన పొగ ఆ డక్టు వెంట పైకెక్కి అన్ని అంతస్తుల బాత్రూం కిటికీల్లోంచీ ఇళ్లలోకి దూరుతుంది. ఫ్యాన్‌ని బయటి గోడవైపు, అంటే గిన్నెలు తోముకునే బాల్కనీ వైపు మార్పిస్తే సగం గొడవ తీరిపోతుంది. చేపలు బజార్లోనే బాగు చేయించుకు రండి. పొలుసు సింకులో పోతే గొట్టం వంపులో అట్టకట్టి కింది ఇంటి సింకులోంచి నీళ్లు పైకి తన్నుతాయి. తలలు, ముళ్లు కాగితంలో చుట్టి, చెత్త బండి వచ్చేదాకా కవరులో వేసి ఫ్రీజర్లో పెట్టండి. జులై తర్వాత పులస తెచ్చుకున్నా ఇదే పద్ధతి.

డాబా దగ్గర కాస్త ఆగాలి. తాళం వేయడం తప్పే. పైకి వెళ్లే మెట్లు అగ్నిప్రమాదం వస్తే ప్రాణం కాపాడే దారి. తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉంటే ఆ సమయానికి అక్కరకు రాదు. పిల్లలు ఎక్కుతారని భయమైతే గడియ ఎత్తుగా పెట్టించాలి, చెవి తలుపు పక్కనే అద్దం పెట్టెలో ఉంచాలి. అయితే సెక్రటరీకి కోపం రావడానికి ఒక కారణం ఉండే వీలుంది. మీరు ఐదో అంతస్తుకి వెళ్లి, అత్తగారు వడియాలు పెట్టిన చోటికి సరిగ్గా కిందున్న ఇంట్లో "మీ సీలింగ్ ఒకసారి చూస్తాను" అని అడగండి. చెమ్మ మచ్చలు ఉన్నాయేమో, ఉంటే ఎప్పటినుంచో కనుక్కోండి.

ఎందుకంటే మన వంటల్లో ఎండబెట్టే చాలావాటిలో ఉప్పుంటుంది. గుమ్మడి ముక్కలకి ఉప్పు పట్టించి, బట్టలో మూటగట్టి, రాత్రంతా రాయి ఎత్తి నీరు ఓడుస్తాం. మర్నాడు మినప రుబ్బుతో కలిపి తడి బట్ట మీద పెడతాం. రెండు రోజుల తర్వాత వడియాలు ఊడిరావడానికి బట్ట వెనక నీళ్లు చిలకరిస్తాం. ఆ నీళ్లన్నీ డాబాలోకే దిగుతాయి. మాగాయ ముక్కలు రెండు మూడు రోజులు ఉప్పులో ఊరాక పిండి ఎండేస్తే, పళ్లెంలో ఎండబెట్టే ఊట ఇంకా చిక్కటి ఉప్పునీరు. పల్లెలో మట్టి అరుగు మీద, పెంకుటింటి వాకిట్లో దీనివల్ల నష్టం లేదు. కాంక్రీటు శ్లాబులో సన్నటి పగుళ్లుంటాయి. ఉప్పునీరు వాటిలోంచి దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కింది ఇంటి సీలింగ్ పెచ్చులూడుతుంది. మడత మంచం ఇనప కాళ్లు ఈడ్చినా వాటర్‌ప్రూఫింగ్ పొర చిరుగుతుంది. తాటాకు ముక్కలో బట్ట పీలికలో వాన నీటి గొట్టం నోట్లో అడ్డుపడితే, అక్టోబరు, నవంబరు తుపాన్లకి డాబా మీద నీళ్లు చెరువులా నిలుస్తాయి. ఒక్క ఫిబ్రవరి వడియాలతో ఇదంతా జరిగిపోదు. ఏటా పది ఇళ్లవాళ్లు పెడితే జరుగుతుంది. అత్తగారికి ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. వాచ్‌మన్‌తో బట్ట చుట్టించి పంపిన పద్ధతి తప్పు, అది క్షమాపణ చెప్పాల్సిన విషయం. కారణం మాత్రం మీరు తీసిపారేయదగ్గది కాదు.

అందుకని మీటింగుకి హక్కు ఒక్కటే పట్టుకుని వెళ్లకండి, ఒక ఏర్పాటు రాసుకుని వెళ్లండి. ఫిబ్రవరి నుంచి మే దాకా వారంలో నాలుగు రోజులు, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా. రోజుకి రెండు ఇళ్లు, ముందు రోజు రిజిస్టరులో పేరు రాసుకున్నవాళ్లకే. నీళ్ల ట్యాంకులకీ వాన గొట్టాలకీ దూరంగా ఒక మూల గీత గీసి అక్కడే. బట్ట నేల మీద పరవకూడదు, నవారు మంచం మీద మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి దాని మీద పరవాలి. మంచం కాళ్లకి రబ్బరు తొడుగులు ఉండాలి. మాగాయ ముక్కలూ ఊటా అంచున్న స్టీలు పళ్లేల్లోనే. పిట్టగోడకి మేకులు కొట్టకూడదు. సాయంత్రం ఊడ్చి, గొట్టాల నోళ్లు చూసి దిగాలి. ఎండు చేపలు, రొయ్యలు డాబా మీద వద్దని మీరే ముందు రాయండి. అవి కొనుక్కోవడమే మేలు, పెడితే కాకులూ పిల్లులూ వచ్చి మిగతావాళ్ల వడియాలు కూడా పాడుచేస్తాయి. ఎవరివల్లనైనా డాబా దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు వాళ్లదేనని కూడా రాయండి.

ఈ కాగితం మీద సంతకాలకి మీరే ఇంటింటికీ వెళ్లండి, మీవారిని పంపకండి. ఆయన్ని చూడగానే అందరికీ ఆ గొడవే గుర్తొస్తుంది. చల్లమిరపకాయలు ఎండబెట్టుకోలేక బాధపడుతున్నవాళ్లు మీ ముప్ఫై ఇళ్లలో మీరొక్కరే అయ్యుండరు. బైలాల్లో అడిగిన సంఖ్య కన్నా నలుగురి సంతకాలు ఎక్కువ తీసుకోండి, మీటింగు ముందు రోజు ఇద్దరు వెనక్కి తగ్గడం మామూలే. మీటింగులో జరిమానా మాట చివర ఎత్తండి. ఏర్పాటు కుదిరాక వాళ్లే రద్దు చేయడానికి దారి దొరుకుతుంది.

మీటింగు కుదిరేసరికి ఈ ఏటి మాగాయ కాలం దాటిపోతుంది. ఈసారికి పడమటి బాల్కనీ ఉంటే అందులోనే కానివ్వండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా మే ఎండ చాలు, ముక్కకి ఇంకో రోజు ఎక్కువ పడుతుంది. రాత్రి లోపలికి తెచ్చేయండి, మన డెల్టాలో రాత్రి తేమకి ముక్క మళ్లీ మెత్తబడుతుంది.

కమిటీ మీటింగే పెట్టకపోతే, పెట్టినా కాగితం చదవకుండా తోసేస్తే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద సభ్యులు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకి గానీ వెళ్లవచ్చు. అది నెలలు పట్టే దారి, మీరు రోజూ లిఫ్టులో చూసే మొహాల మీద దావా. మిగతావన్నీ చేశాకే అటు చూడండి.

ఫ్లాటు అమ్మే మాట ఈ ఏడాది ఎత్తవద్దని మీవారికి చెప్పండి. ఇంకో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే యాభై లక్షల ఇంటికి 3,75,000 రూపాయలు. కోపంలో పెట్టే ఖర్చు కాదది. ఆయన సెక్రటరీ మీద చూపిస్తున్న కోపంలో, తండ్రి పోయిన వెంటనే అమ్మని పల్లె నుంచి తెచ్చి ఇలా అవమానపడేలా చేశానన్న బాధ చాలా ఉందనిపిస్తోంది. ఆ మాట మీరు ఆయనతో పిల్లలు పడుకున్నాక, నెమ్మదిగా అనవచ్చు.

అత్తగారి సంగతి మీరు వడియాల గొడవగా చూస్తున్నారు, నాకు అంతకన్నా ఎక్కువే కనిపిస్తోంది. భర్త పోయారు, ఊరు వదిలారు. ఆవిడ చేయి తిరిగిన పని అదొక్కటే మిగిలింది, దాన్నీ చుట్టి గుమ్మంలో పడేశారు. రెండు వారాలకి మించి తిండి తగ్గినా, తెల్లవారుజామునే లేచి కూర్చుంటున్నా, బరువు తగ్గినా ముందు డాక్టరుకి చూపించండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మనసు కుంగుబాటు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ఊళ్లో దింపమంటే "అలాగే, పది రోజులుండి రండి" అని మీరే తీసుకెళ్లి, తిరిగి తెచ్చే తేదీ కూడా బయల్దేరేముందే చెప్పండి. తేదీ లేకుండా దింపితే వదిలించుకున్నారనుకుంటారు. డాబా ఏర్పాటు ఖాయమైతే, రిజిస్టరులో మీ ఇంటి సంతకం ఆవిడ చేత పెట్టించండి. రుబ్బు ఎంత పలచన ఉండాలో అడగడానికి పక్కింటివాళ్లొస్తే మీరు జవాబు చెప్పకండి, ఆవిడ దగ్గరికి పంపండి.