రెండోసారి ఫేసింగ్ చేయించకముందే హెడ్ కొలిపించండి

ప్రశ్న: మాది హసన్‌పర్తి. ఫైనాన్స్‌లో తీసుకున్న పది టైర్ల లారీ ఉంది, నేనే నడుపుకుంటాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ, దాని మీద మూతలా ఉండే హెడ్‌కూ మధ్య వేసే పలక) పోయి రేడియేటర్‌లో బుడగలు వస్తుంటే వరంగల్ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకుపోయాను. హెడ్ వంగిందని చెప్పి మేస్త్రి తనకు తెలిసిన లేత్‌కు ఫేసింగ్‌కు, అంటే హెడ్ అడుగును మిషను మీద కోసి సాపు చేయడానికి, పంపాడు. లేత్‌కు నాలుగు వేలు నేనే ఫోన్‌పే చేశాను. గ్యాస్కెట్, ఆయిల్, కూలీ కలిపి మేస్త్రికి ముప్పై ఎనిమిది వేలు ఇచ్చాను. రసీదు లేదు. నెల తిరగకముందే ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడుతో పోతుంటే జనగామ దగ్గర మళ్లీ వేడెక్కింది. ఇంకో లారీకి కట్టి అదే షెడ్డుకు లాగించుకొచ్చాను. హెడ్ విప్పి చూసి, లేత్‌లో ఎక్కువ కోశారని మేస్త్రి అంటున్నాడు. బోల్టులు సరిగా బిగించలేదని లేత్ ఆయన అంటున్నాడు. మళ్లీ ఫేసింగ్ చేయించి కొత్త గ్యాస్కెట్ వేస్తాను, పైసలన్నీ ముందే కట్టాలి, అప్పటిదాకా బండి కదలదంటున్నాడు మేస్త్రి. వినియోగదారుల కోర్టుకు పోవచ్చా? చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: కోర్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు మేస్త్రికి ఫోన్ చేసి, ఆ హెడ్‌ను మళ్లీ మిషను ఎక్కించొద్దని చెప్పండి. అదే మాట వాట్సాప్‌లో కూడా రాసి పంపండి. మీ తరఫున గట్టి సాక్షి ఆ హెడ్డే. మొదటిసారి ఎంత కోశారో, సాపుగా కోశారో లేదో ఇప్పుడైతే కొలిచి చెప్పొచ్చు. రెండో కోత పడిందంటే ఆ ఆధారం చెరిగిపోతుంది. ఆ తర్వాత మిగిలేది మీ మాట, వాళ్ల మాట.

ఫేసింగ్‌లో తీసేది మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే దానికి రెండింతలు. డీజిల్ ఇంజన్‌లో ఆ కొంచెమే చాలా ఎక్కువ. పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్‌కూ మధ్య ఉండే సందు చాలా తక్కువ. కోసిన కొద్దీ వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, ఇంజెక్టర్ ముక్కు బయటికి పొడుచుకొస్తుంది. అందుకే హెడ్ మందం ఇంతకన్నా తగ్గకూడదని కంపెనీ మాన్యువల్‌లో రాస్తారు. కొన్ని ఇంజన్ల హెడ్లను అసలు కోయనే కూడదు.

అట్లని తప్పంతా లేత్‌దేనని ఇప్పుడే తీర్మానించుకోవద్దు. బ్లాకు మట్టం కన్నా లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) అంచు కొద్దిగా పైకి ఉండాలి. అది దిగిపోతే ఎంత బాగా ఫేసింగ్ చేసినా గ్యాస్కెట్ నిలవదు. హెడ్ ఎక్కించే ముందు అది చూసుకోవాల్సింది మేస్త్రే. టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) వరుస తప్పకుండా, విడతలవారీగా బిగించడమూ ఆయన పనే. మొదట బండి ఎందుకు వేడెక్కిందో చూశాడా? థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ ముట్టుకోకుండా ఒక్క గ్యాస్కెట్ మార్చి పంపితే లోపం అక్కడే ఉంది. బోల్టుల బిగువు మాత్రం ఇప్పుడు తేలదు, విప్పేశారు కదా.

అందుకని బండి కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో, మోటార్ సర్వేయర్ లైసెన్సున్న ఇంజనీరుతోనో అన్నీ కొలిపించండి. స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని ఉక్కు బద్ద), ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) పెట్టి హెడ్‌ను నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడాలి. హెడ్ మందం, వాల్వుల లోతు, ఇంజెక్టర్ ముక్కు, లైనర్ ఎత్తు రాయాలి. పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. ప్రతి కొలత పక్కనే మాన్యువల్‌లో చెప్పిన కొలత, కింద తేదీ, సంతకం ఉండాలి. ఫలానా రోజు కొలుస్తున్నామని ఇద్దరికీ ముందే మెసేజ్ పెట్టండి. వాళ్లు రాకపోయినా ఆ మెసేజ్ మీకు పనికొస్తుంది. కాలిన గ్యాస్కెట్ తుక్కులోకి పోకముందే తెచ్చుకోండి. రెండు సిలిండర్ల మధ్య సన్న పట్టీ కాలి తెగిందా, నీళ్ల రంధ్రం దగ్గర తెగిందా అన్నది చూస్తే తెలిసినవాడికి సగం సంగతి అర్థమవుతుంది.

ఇక ఎవరి మీద కేసు అంటే, ఇద్దరి మీదా. హెడ్‌ను లేత్‌కు పంపింది మేస్త్రి కాబట్టి ‘లేత్ వాణ్ని అడుక్కో’ అంటే చెల్లదు. లేత్‌కు మీరే విడిగా డబ్బు కట్టారు కాబట్టి ఆయనా మీకు నేరుగా జవాబుదారే. ఎవరి వాటా ఎంతో వినియోగదారుల కమిషన్ (మీరు కోర్టు అన్నది దీన్నే) తేలుస్తుంది. రసీదు లేదని దిగులు వద్దు. ఫోన్‌పే ఎంట్రీలు, వాట్సాప్ మాటలు, షెడ్డులో తీసిన ఫొటోలు చాలు, వాటిని ఫోన్‌లోంచి చెరపకండి. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ‘హెడ్ పనికి గ్యారంటీ లేదు’ అని ముందే అన్నామని వాళ్లు చెప్పినా, పనిని పద్ధతిగా చేయాల్సిన బాధ్యత దాంతో తీరిపోదు.

మీ కేసులో అసలు పేచీ ఇంకోచోట ఉంది. లారీ వ్యాపారానికి వాడేది, మీరు వినియోగదారుడే కాదని అవతలి వకీలు మొదటి రోజే లేస్తాడు. లారీ కొని తానే నడుపుకుంటూ బతికేవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. అందుకే మీ లైసెన్సు, బండి ఆర్సీ దాఖలు చేసి, ఉన్నది ఈ ఒక్క బండేనని చెప్పండి. అయితే ఒక మెలిక ఉంది. పాత చట్టంలోని వివరణ జీవనోపాధికి కొన్న సరుకులనూ, తీసుకున్న సేవలనూ రెంటినీ కలిపి చెప్పేది. కొత్త చట్టం సెక్షన్ 2(7) వివరణలో సరుకుల మాటే మిగిలింది. రిపేరు సేవ కాబట్టి ఈ వాదన ఎదురు కావొచ్చు. సొంత బతుకుతెరువు బండి రిపేరును వ్యాపార ప్రయోజనం అనకూడదన్నది నా అభిప్రాయం, వాదించదగ్గ కేసే. కమిషన్ ఒప్పుకోకపోతే సివిల్ కోర్టు ఉండనే ఉంది. మీరు డ్రైవరును పెట్టి నాలుగు బండ్లు తిప్పేవారైతే నేరుగా అక్కడికే పొమ్మనేవాణ్ని.

బండి ఆపడం గురించి: చేసిన పనికి కూలీ ఇచ్చేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు పనివాడికి 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇచ్చింది. ఇంకా మొదలుపెట్టని పనికి ముందే కట్టమని బండి ఆపడానికి అది వర్తించదు. హెడ్ విప్పిన కూలీ అడిగితే మాత్రం పంతానికి పోకండి. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని మెసేజ్ పెట్టి ఆన్‌లైన్‌లోనే ఇచ్చేసి బండి విడిపించుకోండి. కొలతలయ్యాక వేరేచోట బాగు చేయించుకుని తిప్పుకోండి. హెడ్ మార్చాల్సి వస్తే పాతది ఇంట్లో భద్రంగా పెట్టండి. కేసు కోసమని బండిని నెలల తరబడి నిలబెడితే ఆ నష్టం మొత్తం రాదు. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం మీరేం చేశారని కోర్టు అడుగుతుంది.

పోయిన కిరాయిలు అడగొచ్చు గానీ నోటి లెక్క నిలవదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బిల్టీలు, కాంటా చీటీలు, బ్యాంకు జమలు తీయండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీస్తే బండి మామూలుగా ఎన్ని ట్రిప్పులు తిరిగేదో, ఏ రోజు నుంచి ఆగిపోయిందో టోల్ గేట్లే చెబుతాయి. జనగామ దగ్గర వేడి ముల్లు ఎర్రగీత దాటాక కూడా లాగారా? దాచకుండా మీ వకీలుకు చెప్పండి. ఆ ప్రశ్న ఎట్లాగూ వస్తుంది.

చీటింగ్ కేసు నిలవదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి, పని చెడగొట్టడం వేరు.

ముందుగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, మీరిచ్చిన సొమ్ము అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు, రాజీ మాటల్లో పడి దాన్ని దాటనీయకండి. ఇంత సొమ్ముకు నేనైతే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టించేవాణ్ని. కొలతల రిపోర్టు ముందుంటే మేస్త్రి, లేత్ ఆయన కూడా మెత్తబడే అవకాశం ఎక్కువ. అక్కడ లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. సంతకం పెట్టే ముందు ఎవరు ఎంత, ఏ తేదీకి ఇస్తారన్నది విడివిడిగా రాయించుకోండి.