సిగరెట్ మానేశాక పని టెన్షన్‌ని, తాగాలనే తహతహని ఎలా తట్టుకున్నారు?

ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్ పని, రోజుకో పెట్టె తాగేవాడిని, మానేసి ఇవాళ్టికి నాలుగో రోజు, మేనేజర్ ఫోన్ చేసినప్పుడల్లా చెయ్యి జేబులోకి పోతోంది, ఇంటికెళ్తే పిల్లాడి మీద అరుస్తున్నాను, ఇంత టెన్షన్ ఉద్యోగంలో ఉంటూ ఎవరైనా మానగలరా అని అడిగారు.

మానగలరు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా పని ఎలా ఉంటుందో ఈ జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రంతా లారీల్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి, పొద్దున ధర పడిపోయిందంటే రైతు ఎదురుగానే నిలబడి ఉంటాడు, కాటా దగ్గర తేడా వస్తే ఒకళ్ళు, కొన్నవాళ్ళ దగ్గర్నుంచి డబ్బు రాకపోతే ఇంకొకళ్ళు, అందరూ వచ్చి అడిగేది లెక్కలు రాసేవాడినే. నేను మానింది ఆ సీజన్ మధ్యలోనే. ఖాళీ దొరికాక మానదాం అనుకుంటే మన ఉద్యోగాల్లో ఆ ఖాళీ ఎప్పటికీ రాదు. మీరు పని మధ్యలో మొదలుపెట్టడం మంచిదే అయింది, ఎందుకంటే చివరికి ఆ పనిలోనే సిగరెట్ లేకుండా ఉండటం నేర్చుకోవాలి కదా.

ముందు టెన్షన్ సంగతి చెప్తాను, మీ ప్రశ్నలో అసలు విషయం అదే. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది, అందుకే ఒక్క దమ్ముకే ప్రాణం కుదుటపడినట్టు ఉంటుంది. కానీ ఒంట్లో ఉన్న నికోటిన్ రెండు గంటల్లో సగానికి పడిపోతుంది, పడిపోతున్నకొద్దీ చిరాకు, చేతులు ఊరికే ఉండకపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం మొదలవుతాయి. మీ లెక్కే తీసుకోండి, పెట్టెకి ఇరవై అనుకుంటే, మెలకువగా ఉండే పదహారు గంటల్లో ఇరవై సిగరెట్లంటే 48 నిమిషాలకొకటి. అంటే మేనేజర్ ఫోన్ చేసినా చేయకపోయినా, 48 నిమిషాలకోసారి మీ ఒళ్ళు తనంతట తనే కొంత టెన్షన్ పుట్టించుకునేది, తర్వాతి సిగరెట్ దాన్ని తీర్చేది. మీకు అప్పుల సంగతి బాగా తెలుసు కాబట్టి ఇలా చెప్తున్నాను, ఒకచోట తెచ్చిన అప్పు తీర్చడానికి ఇంకోచోట అప్పు తేవడమే ఇది, టార్గెట్ టెన్షన్ అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

ఇది నేను ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే, మానేసినవాళ్ళలో ఆందోళన, దిగులు, ఒత్తిడి మూడూ తగ్గాయని తేలింది. అయితే ఆ తగ్గడం కొన్ని వారాల తర్వాత కనిపించేది, మొదటి వారంలో కాదు. మొదటి వారంలో టెన్షన్ పెరుగుతుంది, మీరు పడుతున్నది అదే. సాధారణంగా మొదటి మూడు రోజులే బాగా గట్టివి, ఆ తర్వాత రెండు మూడు వారాలు, కొందరికి నెల, ఇది కొద్దికొద్దిగా సడలుతుంది. ఈ లెక్కన నాలుగో రోజున ఉన్న మీరు ఎక్కువ కష్టమున్న భాగం దాటేశారు, ఇప్పుడు మళ్ళీ ఒకటి వెలిగించడమంటే ఆ మూడు రోజుల బాధనీ మళ్ళీ మొదటినుంచి కొనుక్కోవడమే.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన విషయం ఒకటుంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. సిగరెట్‌తో పాటు మనకి వచ్చేది ఐదు నిమిషాల విరామం. సీట్లోంచి లేస్తాం, బయటికి వెళ్తాం, ఫోన్ పక్కన పెడతాం, ఎవరితోనో రెండు మాటలు మాట్లాడతాం, ఊపిరి లోపలికి లాగి నెమ్మదిగా వదులుతాం. ఇవన్నీ నిజంగానే టెన్షన్ తగ్గించే పనులు, పేరు మాత్రం సిగరెట్ కొట్టేసింది. మానేసినవాడు ఏం చేస్తాడంటే సిగరెట్‌తో పాటు ఆ విరామాన్ని కూడా మానేస్తాడు, పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీకి అతుక్కుపోతాడు, మూడో రోజుకి బుర్ర పగిలిపోతుంది, చూశారా సిగరెట్ లేకపోతే నాకు పని సాగదు అంటాడు. దయచేసి ఆ ఐదు నిమిషాలు వదులుకోకండి. తాగేటప్పుడు ఎన్నిసార్లు లేచేవారో అన్నిసార్లూ లేవండి, వేరే వైపుకి నడవండి. నేను కాటాల వైపు వెళ్ళడం మానేసి యార్డు వెనక చెట్లున్న వైపుకి వెళ్ళేవాడిని, నాలుగు లెక్కపెట్టే దాకా ఊపిరి పీల్చి ఆరు లెక్కపెట్టే దాకా వదలడం, అలా ఓ పదిసార్లు. దమ్ము లాగినప్పుడు కూడా మనం చేసేది ఆ నెమ్మదిగా వదలడమే, అందులో పొగ ఒక్కటి తీసేశానంతే. మీరు బండి మీద తిరిగే పని కాబట్టి ఒక పార్టీ ఇంటినుంచి ఇంకో పార్టీ ఇంటికి వెళ్ళేలోపు బండి నీడలో ఆపి ఇది చేయొచ్చు, ముఖ్యంగా మాటామాటా పెరిగిన వసూలు తర్వాత వెంటనే ఇంకో ఫోన్ ఎత్తకుండా.

తహతహ వచ్చినప్పుడు గడియారం చూడండి. అది పెరుగుతుంది, ఐదు పది నిమిషాల్లో దానంతట అదే దిగుతుంది, మీరు తాగినా దిగుతుంది, తాగకపోయినా దిగుతుంది. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఆ ఐదు నిమిషాలు మనిషిని మార్చేస్తాయి, ఒప్పుకుంటాను. ఆ కాసేపు చేతికీ నోటికీ పని ఉండాలి. చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగడం, సోంపు, లవంగం, ఎండు ఉసిరి ముక్కలు, వేయించిన శనగలు, ఏదైనా సరే జేబులో ఉంచుకోండి. కానీ వక్కపొడి వద్దు, పాన్ మసాలా వద్దు. పొగ లేదు కదా అని చాలామంది దానికి మారతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వక్క ఒక్కదాన్నే, అందులో పొగాకు కలవకపోయినా, క్యాన్సర్ కారకంగా తేల్చింది. ఖైనీ, గుట్కా సంగతి ఇక చెప్పక్కర్లేదు.

టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కలెక్షన్‌కి వెళ్ళినచోటల్లా టీ ఇస్తారు మీకు, నాకు తెలుసు. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాల వల్ల లివర్ కెఫీన్‌ని మామూలు కంటే వేగంగా ఖర్చు చేసేస్తుంది. మానేశాక ఆ వేగం పడిపోతుంది, దాంతో మీరు ఎప్పటిలా తాగే టీ కాఫీలే ఒంట్లో ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో ఉండిపోతాయి. గుండె దడ, చేతులు వణకడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, వీటిలో కొంత భాగం టీ వల్ల వస్తున్నా, మనం మాత్రం సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటాం. టీలు సగానికి తగ్గించండి, సాయంత్రం తర్వాత అసలు వద్దు. నాకు నిద్ర మళ్ళీ సరిగ్గా పట్టింది ఇలా తగ్గించాకే. పైగా టీ కొట్టు అంటేనే సిగరెట్. మన దగ్గర విడిగా ఒక్కటి అమ్మడం పెద్ద చిక్కు, పెట్టె కొనాలంటే ఆగి ఆలోచించేవాడు కూడా ఒక్కటే కదా అని చెయ్యి చాపుతాడు. నేను రోజూ వెళ్ళే కొట్టాయనకి ముందే చెప్పి పెట్టాను, బాబాయ్, నేను అడిగినా సరే ఇవ్వొద్దు అని. ఆయన నిజంగానే ఇవ్వలేదు, ఒకసారి నాకు బాగా కోపం కూడా వచ్చింది ఆయన మీద, అయినా ఇవ్వలేదు. అలాంటి మనిషి మీకు లేకపోతే ఓ నెలపాటు కొట్టు మార్చేయండి.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళని మీరు చూసే ఉంటారు. రోజుకి రెండు పెట్టెలు కాల్చేవాడు కూడా మాల వేసుకున్న రోజు నుంచి మండలం రోజులు, అంటే 41 రోజులు, సిగరెట్ ముట్టుకోడు. ఇరుముడి దించి మాల తీశాక మళ్ళీ మొదలు. దీన్ని చాలామంది భక్తి మహిమ అంటారు, నేను భక్తిని తక్కువ చేయను, కానీ అందులో మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. మాలలో ఉన్నన్నాళ్ళూ ఒకటి తాగితే ఏమవుతుంది అనే ప్రశ్నే రాదు. తాగడం కుదరదు, అంతే, బేరం లేదు. పక్కవాళ్ళు కూడా స్వామీ అని పిలుస్తారే తప్ప దమ్ముకి రమ్మని పిలవరు. ఇజ్రాయెల్‌లో పొగతాగే విమాన సిబ్బంది మీద చేసిన ఒక పరిశోధనలోనూ ఇలాంటిదే బయటపడింది, తాగాలనే కోరిక విమానం ఎక్కి ఎన్ని గంటలైంది అన్నదాని కంటే, దిగడానికి ఇంకెంత సమయం ఉంది అన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉందట. అంటే కాసేపట్లో దొరుకుతుందని మనసుకి తెలిస్తే కోరిక లేస్తుంది, దొరకదని తెలిస్తే చాలావరకు ఊరుకుంటుంది. అందుకే చూద్దాం, తగ్గిస్తున్నాను, ట్రై చేస్తున్నాను అనే మాటలు తీసేయండి. ఆఫీసులో ఎవరైనా ఇవ్వబోతే నేను తాగను అనండి, మానేస్తున్నాను అని కూడా అనొద్దు. మానేస్తున్నాను అంటే వాళ్ళు ఈ ఒక్కటీ తాగి మానేయ్ అంటారు, మన వాళ్ళ ప్రేమ అలాగే ఉంటుంది.

పొద్దున లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవారైతే మీ అలవాటు గట్టిది, అప్పుడు నికోటిన్ గమ్ సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. రెండు మిల్లీగ్రాములది మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు, నాలుగు మిల్లీగ్రాములది డాక్టర్ రాయాలి. దాన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు, చాలామంది అలా నమిలి ఎక్కిళ్ళు, కడుపులో మంట వచ్చి పడేస్తారు. నెమ్మదిగా నమిలి, నోట్లో ఘాటు తెలియగానే చెంపకీ చిగురుకీ మధ్య పెట్టి ఉంచాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నాలుగుసార్లు నమలాలి, అలా ఓ అరగంట. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోకండి, నికోటిన్ ఒంట్లోకి సరిగ్గా దిగదు. రెండు మూడు నెలల్లో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపేయాలి. గుండె జబ్బు ఉన్నా, షుగర్‌కి గానీ మానసిక సమస్యలకి గానీ మందులు వాడుతున్నా ముందు మీ డాక్టర్‌కి సిగరెట్ మానేశానని చెప్పండి, కొన్ని మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు. చీటీ మీద రాసే మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టర్ చూసి ఇవ్వాల్సినవి.

దగ్గు పెరగడం, మలబద్ధకం, ఆకలి, రెండు మూడు కేజీలు పెరగడం, ఇవి చాలామందికి వస్తాయి, కొందరికి బరువు ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది. నడవండి, పీచు ఉన్నవి తినండి, కంగారు పడకండి. మందు తాగే అలవాటుంటే ఒకట్రెండు నెలలు ఆ కూర్చోవడాలు వదిలేయండి, మానేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ జారేది అక్కడే.

పిల్లాడి మీద అరుస్తున్నానన్నారు, మీ ప్రశ్నలో నన్ను బాగా పట్టుకున్న మాట అది. ఇంట్లో విషయం విప్పి చెప్పారా? నేను మా ఆవిడకి మొదటిరోజే చెప్పాను, ఓ మూడు వారాలు నా మాట కరుకుగా ఉంటుంది, అది నీ మీద కాదు, నేను మేడ మీదకి వెళ్ళిపోతే నా వెనక రాకు, కాసేపటికి నేనే దిగొస్తాను అని. అది చెప్పాక ఇంట్లో సగం గొడవ తగ్గింది, కోపం వస్తే లేచి వెళ్ళిపోవడానికి నాకూ ఓ దారి ఉందని తెలిసింది. పిల్లాడికి కూడా చెప్పండి, నాన్న సిగరెట్ మానేశాడు కాబట్టి కాస్త చిరాగ్గా ఉన్నాడు, నీ తప్పేం లేదు అని. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఇది చక్కగా అర్థమవుతుంది, చెప్పకపోతేనే తన వల్లే అనుకుని బాధపడతారు.

ఒకవేళ ఎప్పుడైనా ఒకటి తాగేసినా అయిపోయింది అనుకోకండి. మిగిలినవి ఉంటే నీళ్ళలో పడేసి ఆ గంట నుంచే మళ్ళీ కొనసాగించండి. దిగులు మాత్రం రెండు వారాలు దాటినా తగ్గకుండా, దేని మీదా ఇష్టం లేనట్టు ఉంటే 14416కి, అంటే ప్రభుత్వ టెలి మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మీకు ఇప్పుడు ఎదురుగా ఉన్నది నెలాఖరు, కలెక్షన్ వాళ్ళకి అది ఎలా ఉంటుందో మీకే తెలుసు. దానికి ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. జేబులో గమ్ గానీ సోంపు గానీ, బండిలో నీళ్ళ సీసా, ఆ నెలాఖరు రోజుల్లో మధ్యాహ్నం అన్నం మానకుండా తినడం, ఎందుకంటే ఖాళీ కడుపుతో ఉంటే తహతహ తట్టుకోవడం ఇంకా కష్టం. సిగరెట్ పెట్టెల మీద 2018 నుంచి అచ్చువేస్తున్న 1800-11-2356 నంబరు ఉంది చూడండి, అది పొగాకు మానాలనుకునేవాళ్ళకి సలహా ఇచ్చే ఉచిత లైను. టార్గెట్ రోజు వచ్చాక కాకుండా రేపే చేయండి, మీ పని ఎలాంటిదో, ఏ టైములో ఎక్కువ లాగుతుందో వాళ్ళతో చెప్పుకోండి.