మామగారి హోమ్ ఫారం మీద సంతకం ఎవరిది?

ప్రశ్న: మేడమ్, మాది నల్లగొండ. నాకు 41 ఏళ్ళు. పాప ఇంటర్, బాబు తొమ్మిదో తరగతి. మా వారు ఒక సిమెంట్ డీలర్ దగ్గర మేనేజర్. పొద్దున ఎనిమిదికి పోతే రాత్రి తొమ్మిదికి వస్తారు. మా మామయ్యకు 76. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మూడేళ్ళుగా మతిమరుపు. ఏడాది నుంచి బాగా ముదిరింది, డిమెన్షియా అన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి "ఫస్ట్ బస్సు టైమైంది, నా బ్యాగ్ ఏది" అంటారు. నన్ను వాళ్ళ అక్క అనుకుంటారు. రెండుసార్లు ఇల్లు విడిచి పోయారు. ఒకసారి క్లాక్ టవర్ దగ్గర, ఒకసారి పానగల్ రోడ్డు మీద దొరికారు. ఇప్పుడు బట్టల్లోనే అయిపోతోంది. స్నానం, కడగడం అన్నీ నేనే. మా వారు ఆయనతో మాట్లాడి తొమ్మిదేళ్ళయింది. మా అత్తమ్మకు జబ్బు చేసినప్పుడు మామయ్య ఆస్పత్రికి తీసుకుపోలేదని, అందుకే ఆమె పోయిందని కోపం. ఏదైనా ఉంటే "మీ మామకు చెప్పు" అని నాతోనే అంటారు. ఇప్పుడు "ఏదైనా హోమ్ చూసి నువ్వే ఫైనల్ చెయ్, డబ్బు నేను కడతా" అంటున్నారు. రెండు చూశాను. ఒకటి హయత్‌నగర్ అవతల, నెలకు 32 వేలు, ఏసీ, సీసీ కెమెరాలు. ఇంకొకటి మా ఊరికి దగ్గర, 14 వేలు. మా ఆడపడుచు "మా నాన్నను అనాథను చేస్తవా వదినా" అని ఫోన్లో ఏడుస్తోంది. ఏ హోమ్ మంచిదో ఎలా తెలుసుకోవాలి? రేపు ఏమన్నా అయితే కోడలు గెంటేసిందని నన్నే అంటారు.
— పేరు వద్దు

జవాబు: అమ్మా, 32 వేలదా 14 వేలదా అన్నదానికి నేను జవాబు చెప్పను. ఏసీ ఉన్నంత మాత్రాన మంచిది కాదు, చవకైనంత మాత్రాన చెడ్డదీ కాదు. పైగా రెండూ నేను చూడలేదు. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకూ తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదన్న సంగతిని మీరు ఉత్తరం మధ్యలో, గ్యాస్ అయిపోయింది అన్నంత మామూలుగా రాశారు. అసలు సమస్య అదే. మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి.

మీ వారి కోపం ఉత్తిదని నేననను. కళ్ళ ముందు తల్లి పోతే, తీసుకుపోవలసిన మనిషి తీసుకుపోకపోతే, ఆ కొడుకు కడుపులో ఏముంటుందో అర్థమవుతుంది. తండ్రిని క్షమించమని ఆయనకు చెప్పే హక్కు నాకు లేదు, మీరూ చెప్పొద్దు. కానీ ఆ కోపానికి రోజూ వెల కడుతున్నది ఎవరు? ఆయన మాట్లాడరు కాబట్టి మీరు మాట్లాడుతున్నారు. ఆయన ఆ గదిలోకి పోరు కాబట్టి మీరు పోతున్నారు. మామయ్యకు మతి సరిగ్గా ఉన్న రోజుల్లో కోడలి ముందు బనీను లేకుండా కూర్చుని ఉండరు. అలాంటి మనిషి ఒంటిమీద బట్ట ఇప్పుడు కోడలు మారుస్తోంది. ఆదివారం కన్నకొడుకు ఇంట్లోనే ఉన్నా ఆ పని మీదే కదా? దీన్ని సేవ అని పొగిడేవాళ్ళ మాట నేను వినను. ఇది మీకూ అవమానం, ఆ పెద్దాయనకూ అవమానం.

మీ వారికి ఇంకో మాట ఎవరో ఒకరు చెప్పాలి. ఆ గొడవ ఇప్పుడు ఆయన ఒక్కరి దగ్గరే మిగిలింది. మామయ్య "మీ అత్త ఏది, ఇంకా రాలేదేం" అని అడిగే రోజు వస్తుంది, ఈపాటికే వచ్చి ఉంటుంది కూడా. "తప్పయింది బిడ్డా" అనే మాట కోసం మీ వారు లోపల్లోపల కాచుకుని ఉంటే, దాన్ని తెలిసి చెప్పగల మనిషి ఇప్పుడు ఆ గదిలో లేడు. ఇది మింగుడుపడని సంగతే. అయినా ప్రేమ లేకుండా కూడా బాధ్యత చేయవచ్చు. ప్రేమ ఉంటేనే చేస్తామంటే మన ఇళ్ళల్లో సగం మంది ముసలివాళ్ళు వీధిలో ఉండేవాళ్ళు.

చట్టం కూడా కోడలి పేరు రాయలేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టంలో సంతానం అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. ఆర్డీవో దగ్గరికి కేసు పోతే నెలకు 10,000 రూపాయల వరకు భత్యం కట్టమనేది వాళ్ళనే. భత్యం కట్టాల్సిన వాళ్ళలో మీ పేరు ఉండదు, మీ ఆడపడుచు పేరు ఉండొచ్చు. ఆమె ఏడుపుకు ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. "వదినా, దసరాకు నాన్నను పదిహేను రోజులు తీసుకుపో" అని ప్రేమగానే అడగండి. తీసుకుపోతే మంచిదే, ఆ తర్వాత మాట్లాడే తీరు మారుతుంది. తీసుకుపోకపోయినా మారుతుంది. అన్నట్టు ఇల్లు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. మామయ్య పేరున ఉంటే ఇప్పుడు ఏ కాగితం మీదా ఆయన వేలిముద్ర వేయించనివ్వకండి. మతి స్థిమితం లేని మనిషి చేసిన రిజిస్ట్రేషన్ కోర్టులో నిలవడం కష్టం, నింద మాత్రం మీకే మిగులుతుంది.

హోమ్‌లో చేర్చడం పాపమని నేననుకోను. రాత్రంతా మేలుకుని గేటు దగ్గర కాపలా కాస్తూ, పొద్దున్నే ఇంటర్ పిల్లకు డబ్బా కట్టే మనిషి ఎంతకాలం నిలబడుతుంది? చేర్చండి. కానీ హోమ్ చూడడం, ఒప్పుకోవడం, ఫారం మీద సంతకం పెట్టడం మీ వారి పని. అర్ధరాత్రి ఫోన్ చేయాల్సి వస్తే హోమ్ వాళ్ళ దగ్గర మొదట ఉండాల్సింది ఆయన నంబర్. డబ్బు కట్టి చేతులు దులుపుకుంటానంటే కుదరదు. ఈ కింద రాసింది ఆయన కోసం. కాగితం ఆయన చేతికే ఇవ్వండి.

ముందు డాక్టర్. డిమెన్షియా అన్నారు సరే, అన్నదెవరు? బీ12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు, తలకు స్కాన్ చేయించారా? బీ12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి. ఉన్నట్టుండి రెండు రోజుల్లో బాగా ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి తీసుకుపోవచ్చు, కావాలంటే నిమ్స్ న్యూరాలజీకి. తీసుకుపోయేది కొడుకే. తల్లిని ఆస్పత్రికి తీసుకుపోలేదనే కదా ఈ కోపమంతా.

మామయ్యకు కల్లు అలవాటు ఉందా? మన వైపు మగవాళ్ళ సంగతి తెలుసు కాబట్టి అడుగుతున్నాను, పరువు అనుకుని దాచొద్దు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. ముసలితనంలో అవి మతిని ఇంకా మసకబారుస్తాయి, నడక తడబడుతుంది. హోమ్‌లో చేరిన రోజు నుంచి ఒక్కసారిగా బంద్ అయితే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్ రావచ్చు. కల్లు దొరక్క ఇలా అయినవాళ్ళు గుంపులుగా ఆస్పత్రిలో చేరిన సందర్భాలు మహబూబ్‌నగర్‌లో ఉన్నాయి. డాక్టర్‌కూ చెప్పాలి, హోమ్ వాళ్ళకూ చెప్పాలి. అలాగే ఆయన మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషైతే నడుము, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కింద కూర్చునే మరుగుదొడ్డి పనికిరాదు. తడి నేల, గడపలు, పట్టుకోవడానికి కడ్డీ లేని బాత్‌రూమ్ ఉన్న చోట పడిపోతారు.

ఇక హోమ్. చాలా వృద్ధాశ్రమాలు తమ పని తాము చేసుకోగలిగిన వాళ్ళనే తీసుకుంటాయి. మతిమరుపు మనిషిని తీసుకుంటారా, మంచాన పడ్డాక కూడా ఉంచుకుంటారా, లేక అప్పుడు తీసుకుపొమ్మంటారా అని మొదటే తేల్చుకోవాలి. మీరు రెండూ పొద్దున పదకొండింటికి చూసి ఉంటారు, మేనేజర్ టీ ఇచ్చి ఉంటాడు. మీ వారిని సాయంత్రం ఆరు దాటాక, ముందు చెప్పకుండా పొమ్మనండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు పొద్దుగూకే వేళ గాబరా ఎక్కువవుతుంది, హోమ్ పనితనం తెలిసేది అప్పుడే. తలుపు తీయగానే మూత్రం వాసన గుప్పుమంటోందా? అన్నం తినిపించే మనిషి పక్కన కూర్చుని తినిపిస్తోందా, నిలబడి నోట్లో కుక్కుతోందా? ఆ వేళకే అందరూ మగతగా పడుకుని ఉంటే, "మా దగ్గర ఎవరూ గోల చేయరండీ" అని మేనేజర్ గొప్పగా చెబితే, అక్కడ గట్టిగా అడగాలి. నిద్రమందులు, పిచ్చి తగ్గించే మందులు ఎవరు రాస్తున్నారు, ఇంట్లోవాళ్ళకు చెప్పే ఇస్తున్నారా? డిమెన్షియా ఉన్న ముసలివాళ్ళకు ఆ రెండో రకం మందులతో పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. ఊరికే నిద్రపుచ్చడానికి వాడేవి కావవి. మంచానికి, కుర్చీకి కట్టేస్తారా అని సూటిగానే అడగాలి.

రాత్రి డ్యూటీలో ఎంతమంది, ఎంతమందిని చూస్తారు? మగవాళ్ళకు స్నానం చేయించడానికి మగ అటెండర్ ఉన్నాడా? స్నానం చేయనని మొండికేస్తే ఏం చేస్తారు? "కాసేపు వదిలేసి మళ్ళీ అడుగుతాం" అనేవాళ్ళకు పని తెలుసు. "మేం చేయిస్తాం లెండి" అంటే లేచి వచ్చేయాలి. రాత్రి ఒంట్లో బాగా లేకపోతే ఏ ఆస్పత్రికి, ఏ బండిలో? నెలనెలా బరువు చూసి రాస్తారా? డైపర్లు, మందులు, ఆస్పత్రి ఖర్చు ఆ 14 వేలల్లోనేనా, విడిగానా? వద్దనుకుంటే డిపాజిట్ తిరిగి ఇస్తారా? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సీసీ కెమెరా గురించి అంత మురిసిపోవద్దు. పడిపోయాక చూపిస్తుంది తప్ప పడకుండా పట్టుకోదు.

అన్నిటికంటే నేను చూసేది ఒకటుంది. హోమ్ వాళ్ళు మిమ్మల్ని ఏమడిగారు? డబ్బు, మందుల చీటీ, ఆధార్ అడిగి ఊరుకున్నారా? ఆయన ఏం పని చేశారు, ఏం తింటారు, దేనికి భయపడతారు అని ఎవరైనా అడిగారా? నాలుగింటికి బ్యాగ్ అడిగే మనిషితో "నువ్వు రిటైర్ అయ్యి చాలా ఏళ్ళయింది తాతా" అని వాదించేవాళ్ళ దగ్గర ఆయన రోజూ ఏడుస్తారు. ఒక పాత తోలు సంచి, నాలుగు చిల్లర నాణేలు చేతిలో పెట్టి "బస్సు లేటు, చాయ్ తాగుదాం" అనేవాళ్ళ దగ్గర కుదురుకుంటారు. మీరు ఇంట్లోనే ఇది మొదలుపెట్టొచ్చు.

ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు అనే చోటే చేర్చండి. ఆదివారం పది నుంచి పన్నెండు వరకే అంటే వద్దు. ఎవరూ రాని ముసలాయనను ఎలా చూస్తారో మీకూ తెలుసు. అందుకే ఏసీ కంటే దూరం ముఖ్యం. డ్యూటీ అయ్యాక మీ వారు బండి మీద పోయిరాగల దూరంలో ఉండాలి. ఇంకా ఏవైనా హోమ్‌ల వివరాలు కావాలంటే 14567కి ఫోన్ చేస్తే చెబుతారు, వయోవృద్ధుల కోసం పెట్టిన నంబర్ అది.

"నేను చూడను, నువ్వే పో" అని మీ వారు అంటారు. అనక మానరు. ఏడవొద్దు, పోట్లాడొద్దు. వచ్చే ఆదివారం నుంచి మామయ్య స్నానం ఆయన పని అని చెప్పి, మీరు పిల్లలతో బయటికి పొండి. ఆయన చేయించలేకపోతే మగ అటెండర్‌ను ఆయనే వెతికి పెట్టాలి, డబ్బు ఆయనే ఇవ్వాలి. "మీ మామకు చెప్పు" అన్న ప్రతిసారీ "మీ నాన్న పక్క గదిలోనే ఉన్నారు" అనండి, అంతే. ఈ తొమ్మిదేళ్ళూ మధ్యలో మీరు దొరికారు కాబట్టే ఆ మౌనం నడిచింది. మీరు పక్కకు జరిగితే అది నడవదు. మొదట్లో ఇంట్లో రభస అవుతుంది. కానివ్వండి.

ఆయన రెండు హోమ్‌లూ సాయంత్రం పూట చూసొచ్చాక, ఏది మంచిదో అప్పుడు అడగండి, చెబుతాను. ఉత్తరం మాత్రం ఈసారి ఆయన్నే రాయమనండి.